మన్యంలో బస



ఒడిశాలోని కోరాపుట్, రాయగడ జిల్లాల్లో సుఖమైన బసకు పెద్దగా డబ్బు అక్కర్లేదు. విశాఖ సముద్రతీరంలో పేరున్న హోటల్లో ఒక రాత్రికి పెట్టే ఖర్చుతో ఇక్కడ చాలాచోట్ల రెండు రాత్రులు గడపవచ్చు. ఉతికిన దుప్పటి, వేడినీళ్ళు, కిటికీ తీస్తే కొండ, అన్నీ ఆ అద్దెలోనే దొరుకుతాయి. ఈ చవకకు కారణాలున్నాయి. ఇక్కడ భూమి ధర తక్కువ, జీతాలు తక్కువ. అతిథికి మిగిలిన డబ్బులో కొంత పక్క పరిచిన మనిషి జీతంలోంచి మిగిలిందే, ఇంకొంత ఒకప్పుడు ఆ నేల దున్నిన కుటుంబం వాటాలోంచి మిగిలిందే. సుఖపడటం తప్పు కాదు, కానీ అది ఎవరి చేతుల మీదుగా వస్తోందో తెలుసుకోకుండా అనుభవించడం మాత్రం తప్పే.

ముందు వాతావరణం సంగతి. కోరాపుట్ పట్టణం సముద్రమట్టానికి సుమారు 870 మీటర్ల ఎత్తున ఉంది. ఒడిశాలోకెల్లా ఎత్తయిన దేవమాలి శిఖరం, 1,672 మీటర్లది, ఈ జిల్లాలోనే ఉంది. ఉష్ణమండలమే అయినా డిసెంబరు, జనవరి నెలల్లో సిమిలిగుడ, పొట్టంగి వైపు రాత్రిళ్ళు పళ్ళు కొట్టుకునేంత చలి. కాబట్టి గది తీసుకునేటప్పుడు ఏసీ కంటే ముందు అడగవలసినవి వేరే ఉన్నాయి: వేడినీళ్ళు ఏ వేళకు వస్తాయి, రెండో కంబళి ఇస్తారా, కరెంటు పోతే జనరేటర్ ఉందా. రాయగడ పల్లంలో ఉంది కనుక వేసవిలో అక్కడ ఉక్కపోత తప్పదు, ఏసీ కావాలి. రెండు జిల్లాలకూ మలేరియా పాత శత్రువు. గది ఎంత నాజూకుగా ఉన్నా దోమతెర అడిగి కట్టించుకోవాలి. మన్యం జ్వరం హోటల్ స్థాయి చూసి రాదు.

తెలుగువారికి ఇది పరాయి నేల కాదు. ఇక్కడి జయపురం సంస్థానం 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా మద్రాసు రాష్ట్రంలోని విశాఖపట్నం జిల్లాలో భాగం. జయపురం మహారాజు విక్రమదేవ వర్మ ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఏటా లక్ష రూపాయలు ఇచ్చిన దాత. అక్కడి సైన్స్ కళాశాలకు ఆయన పేరే పెట్టారు. పెద్ద కోరాపుట్ జిల్లాను 1992లో నాలుగుగా విడదీశారు. అలా వచ్చిందే రాయగడ జిల్లా. రాయగడ బజారులో నేటికీ తెలుగు చెల్లుతుంది. విజయనగరం నుంచి సాలూరు, పొట్టంగి మీదుగా కోరాపుట్‌కు రోడ్డు ఉంది, పార్వతీపురం మీదుగా రాయగడకు రైలు ఉంది. భాష తెలిసిన చోట అధికారం చూపాలన్న బుద్ధి త్వరగా పుడుతుంది. గది కుర్రాణ్ణి ‘ఒరేయ్’ అని కేకేసేది సాధారణంగా ఆ భాష తెలిసినవారే. అతను ఆదివాసీ అయినా, పదహారేళ్ళవాడిలా కనిపించినా, ‘బాబూ’ అనో ‘తమ్ముడూ’ అనో పిలవడం కనీస మర్యాద.

బసలు ప్రధానంగా మూడు రకాలు. మొదటివి పట్టణాల్లోని వ్యాపార హోటళ్ళు. దామన్‌జోడిలో నాల్కో, సునాబెడలో హెచ్‌ఏఎల్ ఇంజన్ల కర్మాగారం, రాయగడ దగ్గర జేకే కాగితం మిల్లు ఉండటం వల్ల ఇంజనీర్లు, గుత్తేదార్లు, మందుల కంపెనీల ప్రతినిధులు ఏడాది పొడవునా వస్తూపోతూ ఉంటారు. రాయగడ, జయపురంలో శుభ్రమైన గదులు మితమైన ధరకు దొరకడానికి ఈ రాకపోకలే ముఖ్య కారణం. రెండోవి చలికాలంలో వెలిసే గుడారాలు. ఒడిశా పర్యాటక శాఖ ఎకో రిట్రీట్ పేరుతో పుట్‌సిల్‌లో వేయించినవి అలాంటివే. వీటిలో సౌకర్యం ఎక్కువ, అద్దె కూడా ఎక్కువే.

మూడోవి పల్లెల్లోని చిన్న విడిదులు. వీటి గురించే కొంచెం ఎక్కువ చెప్పాలి. కోరాపుట్, రాయగడల మధ్య గౌడగుడ అనే కుమ్మరుల పల్లె ఉంది. అక్కడ ఒక ఆస్ట్రేలియా దేశస్థుడు నెలకొల్పిన చందూరి సాయి విడిదిలో గోడలు మట్టివి, నేల మీద కాల్చిన మట్టి పలకలు, పైన వెదురు అల్లిక. లమ్తాపుట్ దగ్గర దేశియా అనే మరో విడిదిని స్థానిక యువకులే నడుపుతారు. ఇలాంటి చోట అద్దెలో ఎక్కువ భాగం ఆ పల్లెలోనే తిరుగుతుంది. కుమ్మరి పలక అమ్ముకుంటాడు, పక్కింటి ఆమెకు వంటపని దొరుకుతుంది, ఆమె తమ్ముడు అతిథుల్ని సంతకు తీసుకెళ్తాడు. మెత్తటి పరుపు, పెద్ద టీవీ కోరేవారికి ఇవి నచ్చకపోవచ్చు. ఒకటి రెండు రాత్రులకైనా ఇలాంటి బసను ఎంచుకోవడం మంచిది.

స్పా అనే పేరున్నవి ఇక్కడ తక్కువ. ఉన్నచోట నూనె మర్దన, ఆవిరి స్నానమే ప్రధానం. భోజనం చేసిన వెంటనే మర్దన కూడదు. రక్తపోటు, గర్భం, జ్వరం, ఇటీవలి శస్త్రచికిత్స ఉంటే ముందే చెప్పాలి. ‘అడవి మూలికల నూనె’ అంటే ఏ మూలికలో అడగాలి, మోచేతి మీద చుక్క రాసుకుని చర్మం ఎర్రబడుతుందేమో చూసుకోవాలి. ఇప్పగింజల నూనె ఈ కొండల్లో వంటకూ ఒంటికీ రెండిటికీ వాడేదే, కొత్తగా పుట్టిన వైద్యం కాదు. మర్దన చేసేవారిది చేతివృత్తి. దాని మీద వెకిలి మాటలు, అసభ్యమైన కోరికలు మనిషి పెంపకాన్ని బయటపెడతాయి.

భోజనం దగ్గర ఈ ప్రాంతం నిజంగా సంపన్నం. కోరాపుట్ సంప్రదాయ వ్యవసాయాన్ని ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2012లో ప్రపంచ వారసత్వ వ్యవసాయ వ్యవస్థగా గుర్తించింది. నల్ల జీలకర్రను తలపించే ఇక్కడి సువాసన బియ్యం కాలాజీరాకు భౌగోళిక గుర్తింపు ఉంది. పాత వరి విత్తనాలను కాపాడిన పాత్రపుట్ గ్రామపు ఆదివాసీ రైతు కమలా పూజారికి 2019లో పద్మశ్రీ వచ్చింది. ఇంతటి చోట హోటల్లో కూర్చుని పన్నీర్ బటర్ మసాలా తెప్పించుకోవడం అవకాశాన్ని పోగొట్టుకోవడమే. రాగి అంబలి, కాలాజీరా అన్నం, కొండ కాఫీ ఉన్నాయా అని అడగాలి. నలుగురు అడిగితే వంటవాడు తెప్పిస్తాడు, ఆ పంట పండించినవాడికి కొనేవాడు దొరుకుతాడు.

ఇక భూమి. రెండు జిల్లాలూ పూర్తిగా షెడ్యూల్డ్ ప్రాంతాలు. 1956 నాటి నిబంధన ప్రకారం ఆదివాసీ భూమి ఆదివాసేతరులకు బదిలీ కావడానికి వీల్లేదు. కాగితం మీద ఒక పేరు, అనుభవంలో మరొకరు ఉండటం ఏజెన్సీ ప్రాంతాల పాత జబ్బు. కొత్త రిసార్టులో దిగేటప్పుడు ఆ స్థలం ఎవరిది, పనివాళ్ళది ఏ ఊరు అని మర్యాదగా అడగడం అతిథి హక్కే. నియమగిరి కొండ మీద బాక్సైట్ గనుల విషయం గ్రామసభలే తేల్చాలని సుప్రీంకోర్టు 2013 ఏప్రిల్ 18న చెప్పింది. ఆ ఏడాది సభ జరిగిన 12 గ్రామాలూ వద్దన్నాయి. డోంగ్రియా కోందు ఆదివాసులకు ఆ కొండ వారి దేవుడు నియమరాజు నివాసం. హోటల్ కరపత్రంలో అది అందమైన దృశ్యంగా కనిపించినా, దాని మీద సీసాలు పారేసి రావడం గుడిలో పారేసినట్టే.

డోంగ్రియాలు బుధవారం చాటికోన సంతకు దిగుతారు. బోండా ఆదివాసులు గురువారం ఒనుకుడెల్లి సంతకు వస్తారు. హోటళ్ళు కారు మాట్లాడి పంపుతాయి. బోండా స్త్రీల పూసల దండల కోసం కెమెరాలు ఎగబడటం అక్కడ చాలాకాలంగా ఉన్న అవమానం. అడగకుండా ఫోటో తీయకూడదు, డబ్బిచ్చినా సరే. అల్లం, పసుపు, అనాస పళ్ళు కొనవచ్చు. అమ్మే ఆమె చెప్పిన ధర పట్టణంలో కంటే తక్కువే ఉంటుంది కనుక బేరం ఆడనక్కర్లేదు. భాష సంగతికొస్తే, గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో ఉండి సవర ఆదివాసుల భాష నేర్చుకున్నారు, వ్యాకరణం రాశారు, వాళ్ళకు బడులు పెట్టారు. మన్యంలో తిరుగుతూ జ్వరానికి మింగిన క్వినైను ఆయన వినికిడిని దెబ్బతీసింది. అంత త్యాగం అందరివల్లా కాదు. నమస్కారానికి, ధన్యవాదానికి ఇక్కడి ఆదివాసుల మాట రెండు ముక్కలు నేర్చుకోవడం ఎవరివల్లనైనా అవుతుంది.

చివరగా బిల్లు. గది అద్దె రోజుకు 7,500 రూపాయలు మించకపోతే 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ 5 శాతం, మించితే 18 శాతం. బిల్లులో హోటల్ సర్వీస్ ఛార్జీని తనంతట తాను చేర్చకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022లో చెప్పింది. ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో దాన్ని సమర్థించింది. అలా చేర్చి ఉంటే తీసేయమని నెమ్మదిగా అడగవచ్చు. ఇవ్వదలచినది గది ఊడ్చినవారికి, వంట చేసినవారికి, మర్దన చేసినవారికి విడివిడిగా, చేతికే ఇవ్వాలి.