తోటలో పెండ్లికి పిలిచిన మనుమరాలికి

చి. ల. సౌ. మనుమరాలికి, విశాఖపట్టణము వన్ టౌన్ బురుజుపేట నుండి నీ చిన్నతాతయ్య ఆశీర్వదించి వ్రాయునది.

నీ జాబు చేరినది. కళాశాలలో చేరిన నాటినుండి నీవు మనసిచ్చిన అబ్బాయినే పెండ్లాడ నిశ్చయించుకొంటివనియు, ఇరువైపుల పెద్దలును ఎట్టకేలకు సమ్మతించిరనియు, కల్యాణమంటపము వలదని భీమిలి దారిలోని జీడిమామిడి తోటలో ఆకాశము క్రింద వివాహము జరుపుకొనవలెనని మీ యిద్దరి సంకల్పమనియు చదివి నేను పొందిన సంతోషము ఇంతింతనరానిది. తోటలో పెండ్లి యేమిటని మనవారు కొందరు నవ్వుచున్నారనియు, నేనేమందునో చెప్పుమనియు అడిగితివి. అడిగితివి గనుక కొంచెము దీర్ఘముగనే చెప్పెదను. తీరికగా చదువుకొని, అబ్బాయికి కూడ చదివి వినిపింపుము.

మొదట ఆ నవ్వు సంగతి. తోటలో పెండ్లి మన ఆచారమునకు పరాయిది కాదు. దినమునకింతయని అద్దెకిచ్చు కల్యాణమంటపములు వెలసినది నా యెరుకలోనే. అంతకుముందు పెరడు గలవారు పెరటిలోను, లేనివారు వీధికడ్డముగను కొబ్బరాకుల పందిరి వేసి, పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టి, మామిడాకులును నవధాన్యముల మూటయు కట్టిన రాటను ముత్తైదువలు పూజింపగా నాటించి, ఆ పందిటి క్రిందనే బిడ్డల చేతులు కలిపెడివారు. ఆకుల సందులనుండి ఎండ పడుచునే యుండెడిది. దారిన పోవువారు నిలిచి నాలుగక్షతలు వేసి పోవుచునే యుండిరి. ఇక మన కనకమహాలక్ష్మి తల్లి మాట చెప్పవలెనా? ఆ తల్లి గర్భగుడికి పైకప్పు లేదు. ఎండకు ఎండుచు, వానకు తడియుచు, రాత్రింబవళ్లు బహిరంగముగ కూర్చున్న ఆ దేవతను ఏ కులమువారైనను, ఏ యింటివారైనను, తమ చేతులతో తాకి పసుపు కుంకుమలతో పూజింపవచ్చును. మార్గశిర గురువారములలో చీకటితోనే మన వీధి చివర వరకు బారులు తీరు జనమును చిన్ననాట నీవును చూచితివి గదా! అట్టి దేవత నీడలో పెరిగిన పిల్లవు ఆకాశము క్రింద పెండ్లాడెదనన్నచో నవ్వవలసినదేమున్నది?

అయితే తల్లీ, కప్పు తీసివేసినంత మాత్రమున బహిరంగమగునని అనుకొనకుము. నేను చెప్పదలచిన ముఖ్యమైన మాట యిదియే. ఇన్నేండ్లుగా మీ ప్రేమ మీ యిద్దరి నడుమ, ఇతరుల కన్ను పడకుండ, దాచి పెంచుకొన్నది. అట్లు దాచుకొనుట తప్పని నేననను, ఆ రోజులలో మీకు వేరు దారి లేదు. కాని వివాహమన్నది ఆ దాపరికమునకు ముగింపు కావలెను. ప్రేమించుటకు ఇద్దరు చాలుదురు, పెండ్లికి చాలరు.

తోటలో జరిగిన పెండ్లి యనగానే నాకు శకుంతల స్మరణకు వచ్చును. నాటకములోని ఉంగరమును, దుర్వాసుని శాపమును పక్కన పెట్టుము. అవి కాళిదాసు కరుణతో కల్పించినవి. నన్నయ ఆదిపర్వములో, దానికి మూలమైన వ్యాసభారతములో, శాపము లేదు, ఉంగరము లేదు. కణ్వుడు ఆశ్రమమున లేని వేళ దుష్యంతుడు గాంధర్వవిధిని ఆమెను పరిగ్రహించి, పిలిపించుకొందునని మాట యిచ్చి, వెడలిపోయెను. ఆమె కుమారుని వెంటబెట్టుకొని నిండు సభలో నిలువబడినప్పుడు, అంతయు జ్ఞాపకముండియే ఎరుగనని పలికెను! ఆకాశవాణి సత్యమును చాటిన పిమ్మట గాని ఆమెను గ్రహింపడయ్యెను. లోకము సంశయించునని వెరచి అట్లు చేసితినని చెప్పుకొనెను. ఆ ఘట్టమును చదివినప్పుడెల్ల నా మనసు కలుక్కుమనును. ఆ రాజునకు ప్రేమ లేకపోలేదు. ఆశ్రమములో ఆడిన మాటను నలుగురిలో ఆడుటకు ధైర్యము చాలలేదు. చెట్లు సాక్ష్యము చెప్పవు. అందువలన, అందమైన తోట దొరికినదని మురియుటకు ముందు, ఆ తోటలో మీ ఎదుట ఎవరెవరు నిలువబోవుచున్నారో ఆలోచింపుము.

దీనికి సరిగా ఎదురుగా నిలుచు పెండ్లి యొకటి మన తెలుగువారి చరిత్రలోనే కలదు. హైదరాబాదులో అఘోరనాథ చట్టోపాధ్యాయుని కుమార్తె సరోజిని, పదునాలుగు పదునైదేండ్ల ప్రాయముననే, ముత్యాల గోవిందరాజులు నాయుడను తెలుగు వైద్యుని వలచెను. ఆమెది వంగదేశపు బ్రాహ్మణకుటుంబము. ఆయన కులము వేరు, భాష వేరు. 1895లో నిజాము ఇచ్చిన విద్యార్థివేతనముతో ఆమెను ఇంగ్లండు పంపిరి. సముద్రములు దాటి మూడేండ్లు గడచినను ఆమె మనసు మారలేదు, ఆయన మనసును మారలేదు. 1898లో తిరిగి వచ్చిన కొలది నెలలలోనే, డిసెంబరు 2న, మద్రాసులో ఆ యిద్దరి వివాహము జరిగెను. జరిపించినవారెవరో తెలియునా? 1881లో రాజమహేంద్రవరమున తొలి వితంతు వివాహమును జరిపించి, వెలివేతలకు జంకక నిలిచిన మన కందుకూరి వీరేశలింగము పంతులుగారు. ఆ పెండ్లి 1872 నాటి మూడవ చట్టము ననుసరించి జరిగినది. ఆ కాలమున ఆ చట్టము క్రింద పెండ్లాడువారు తాము హిందువులము గాని, క్రైస్తవులము గాని, మహమ్మదీయులము గాని కామని వ్రాసి యిచ్చిన గాని చెల్లెడిది కాదు. అంతటి కఠినమైన షరతు! పెండ్లాడుటకు పుట్టిన మతమునే కాదనవలసి వచ్చిన రోజులవి. అయినను వారు చాటున పెండ్లాడలేదు. చట్టము ఎదుట, లోకము ఎదుట నిలిచి పెండ్లాడిరి. తరువాతి కాలమున ఆమె స్వాతంత్ర్యోద్యమములో దేశమంతయు తిరుగుచుండగా ఆయన హైదరాబాదున వైద్యవృత్తిలోనుండెను. ఏండ్ల తరబడి దూరమును ఓర్చుట వారికి పెండ్లికి ముందే అలవడినదని నాకు తోచును.

నీకు ఆ కష్టము లేదు. మీ యింట కనకమహాలక్ష్మికి మొక్కుదురు; అబ్బాయి యింటివారు ప్రతి డిసెంబరు 8వ తేదీ రాస్ హిల్ ఎక్కి మరియమాతకు కొవ్వొత్తులు వెలిగింతురు. ఆ పండుగయు, మన మార్గశిర పూజలును ఇంచుమించు ఒకే రోజులలో వచ్చును. వన్ టౌన్ లో మా డాబా మీద నిలిచినచో ఆ కొండయు, ప్రక్కనే వేంకటేశ్వరుని కొండయు, దర్గా కొండయు ఒక్క చూపులో కనబడును. వాటి క్రిందుగనే ఓడలు రేవులోనికి వచ్చుచుండును. ఇట్టి ఊరిలో పుట్టినవారికి మతము పేరిట భయపడవలసిన పని యుండరాదు. 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టము ఎవరిని ఏ మతము విడువుమనదు. మీలో ఒకరైనను ముప్పది దినములు నివసించిన జిల్లాలో వివాహాధికారికి నోటీసు ఇయ్యవలెను. అది కార్యాలయములో అందరికి కనబడునట్లు అంటింతురు. ముప్పది దినములు గడచిన పిమ్మట, నోటీసు ఇచ్చిన నాటినుండి మూడు నెలలలోపల, వివాహము జరుపుకొనవచ్చును. వేరు మతమన్నది ఆక్షేపణకు కారణమే కాదు. మరియొక మంచి సంగతి: అదనపు రుసుము చెల్లించినచో అధికారి సహేతుకమైన దూరములోనున్న తోటకైనను రావచ్చును. మీకు నచ్చిన పద్ధతిలో వేడుక జరుపుకొనవచ్చును. కాని ఆ అధికారి ఎదుట, ముగ్గురు సాక్షుల ఎదుట, ఒకరినొకరు భార్యాభర్తలుగా స్వీకరించుచున్నామని మీకు తెలిసిన భాషలో నోటితో చెప్పిన గాని పెండ్లి పూర్తి కాదు. ఆ మాటను తెలుగులో చెప్పుడు. గట్టిగా, వెనుక వరుసలో కూర్చున్న వృద్ధులకు వినబడునట్లు చెప్పుడు.

నోటీసు అంటింతురనగానే నీ స్నేహితురాండ్రు కొందరు జంకిరని వ్రాసితివి. వారి భయము నిజమైనదే. ఇంటివారి చేతిలోనే ప్రాణభయము గల జంటలకు ఆ ముప్పది దినములు శిక్ష వంటివి. ఆ ప్రకటన తప్పనిసరి కారాదని 2021లో అలహాబాదు ఉన్నత న్యాయస్థానము తీర్పు చెప్పుట న్యాయముగనే యున్నది. మీ పెద్దలు ఒప్పుకొనిరి గనుక మీరు ఆ కాగితమును చూచి వెరవవలదు. బంధువులకు తెలియకుండ రిజిస్టరు చేయించుకొని, తోటలో ఫొటోల కొరకు మరల వేడుక నటింపవలెనన్న ఆలోచన మీ యిద్దరిలో ఎవరికైనను కలిగియున్నచో, దయచేసి దానిని మానుకొనుడు.

ఇంకొక మాట, ఇది మీ యిద్దరి కొరకే. చిరకాలము ప్రేమించుకొన్న వారికి ఒక ప్రమాదము గలదు. పెద్దలు కుదిర్చిన సంబంధములో దంపతులు ఒకరికొకరు క్రొత్తవారు గనుక, అడిగి తెలిసికొందురు. కాఫీలో చక్కెర ఎంతయని మొదలు జీతము ఎంతయని వరకు అడుగుదురు. మీవంటివారు అడుగరు, తెలియుననుకొందురు. మా వీధిలో అట్టి జంట యొకటి యుండెడిది. ప్రేమించి, ఇంటివారినెదిరించి పెండ్లాడినవారు. ఆయన అన్నకు హామీ పడి చేసిన అప్పు సంగతి భార్యకు చెప్పలేదు. ఆమె ప్రతినెల పుట్టింటికి పంపు సొమ్ము సంగతి ఆయనకు చెప్పలేదు. ఇద్దరిలో చెడ్డవారెవరును లేరు. తమ ఎడల ఎదుటివారికి గల మంచి అభిప్రాయము చెడునేమోయని ఇద్దరును వెరచిరి. అప్పులవాడు వాకిట నిలుచున్న నాడు ఆ యిల్లాలు ఏడ్చినది సొమ్ము కొరకు కాదు; ఇన్నేండ్లు నన్ను పరాయిదానిని చేసితిరా యని ఏడ్చెను. నీవు బీచిలో కలిసికొన్న అబ్బాయిని ఎరుగుదువు. జ్వరముతో చిరచిరలాడు వానిని, తండ్రి ఆస్పత్రి ఖర్చులకు లెక్క చూచుకొను వానిని ఇంకను ఎరుగవు. అతడును అంతే. కావున పెండ్లికి ముందే ఒక సాయంకాలము కూర్చుండి, ఇద్దరి అప్పులును, ఇద్దరి తల్లిదండ్రులకు చేయదలచిన సాయమును, పిల్లల పెంపకములో ఏ కొండ ఎక్కింతురను ప్రశ్నయును, ఒక్కొక్కటిగా మాటలాడుకొనుడు. కాగితముమీద వ్రాసికొన్నను తప్పు లేదు.

తోట సంగతికి వత్తును. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను మన జిల్లాలో ఎన్ని తోటలను నేలమట్టము చేసెనో నీవు మరచియుండవు. మీరు చూచి వచ్చిన తోటలోని చెట్లు ఆ తరువాత నాటినవేనని, డిసెంబరు నాటికి పూత మొదలగునని, ఆ తోటను సాకు ముసలాయన మీతో చెప్పినట్లు వ్రాసితివి. మేకులు కొట్టి, తీగలు చుట్టి, దీపముల వేడితో ఆ పూత మాడ్చకుడు. అది ఆయన ఏడాది కూడు. వీలైనచో దీపములు వెలిగింపవలసిన పని లేకుండ ప్రాతఃకాలముననే వేడుక ముగించుడు. ఆయనను, ఆయన యింటివారిని పనివారుగా గాక పెండ్లివారుగా పిలిచి, మొదటి పంక్తిలో కూర్చుండబెట్టి వడ్డింపుడు. వంటవారికిని, బల్లలు మోయు కుర్రవాండ్రకును మిగిలినది పెట్టుట మన పెండ్లిండ్లలో నేను సహింపలేని పాపము. అబ్బాయి నాయనమ్మ మోకాళ్లు బాగుండవన్నావు. ఇసుకనేల మీద ఆమె నడచుటకు చాప పరపించుము, మాంసము తినువారికి, తిననివారికి పంక్తులు వేరైనను పందిరి ఒక్కటే యుండునట్లు చూడుము.

కట్నము ప్రసక్తి లేదని వ్రాసితివి, మేలు. కానుకల పేరిట కూడ ఏమియు రాకుండ చూడుము. 1961 నాటి చట్టము ఒకటి యున్నదని అందరును ఎరుగుదురు, పాటించువారే తక్కువ.

ఇక మిగిలినది నీ మేనత్త. ఆమె రానన్నదని నీవు బాధపడుచున్నావు. ఆమె కోపము నీ మీద కాదు. అందరికంటె చివర తనకు తెలిపిరన్న అవమానము. పిలువకుండ వదలుట గాని, రాకపోయిన పోనిమ్మనుట గాని చేయకుడు. నీవును అబ్బాయియు కలిసి ఆమె యింటికి పొండు. ముందుగా నేను వెళ్లి మాటలాడెదను. ఈ గురువారము గుడి నుండి తిరిగి వచ్చుచు వెలంపేటలో ఆమె యింట ఆగెదను. ముగ్గురు సాక్షులలో నన్నొకనిగా పెట్టుకొనెదమని వ్రాసితివి గదా, ఆ స్థానమును ఆమెకిమ్ము. నేను సంతకము చేయకపోయినను వత్తును. నోటీసు ఇచ్చిన తేదీ నాకు వెంటనే తెలియజేయుము. అధికారిని తోటకు రప్పించుటకు కట్టవలసిన రుసుము సంగతి కనుగొని మరల వ్రాసెదను.

ఇట్లు,
నీ చిన్నతాతయ్య