పవిత్రతకు ప్రహరి యుండవచ్చునా?

ఒక స్థలమును పవిత్రమని మ్రొక్కినవాడు, దాని వెలుపలి నేలను పాడుచేయుటకు సెలవు పుచ్చుకొన్నట్లగునా? సృష్టిని ప్రేమించి కాపాడుటకై క్రైస్తవులు సాగించిన సాధనలను గూర్చి చదువుచుండగా నాకీ ప్రశ్న కలిగినది.

ఇథియోపియాదేశపు ఉత్తరభాగమున, తానా సరస్సు పరిసరములందలి ఎత్తైన సీమలలో, ఆర్థొడాక్సు సంప్రదాయమువారి దేవాలయములు పెక్కు కలవు. వానిలో ననేకములచుట్టు చిన్న చిన్న యడవులున్నవి. ఆ వనము ఏదెనుతోటకు ప్రతిరూపమనియు, చెట్లు గుడికి వస్త్రములవంటివనియు భక్తుల భావము. ఆకాశమునుండి తీసిన చిత్రములలో ఆ వనములు దుక్కినేలల నడుమ పచ్చని చుక్కలవలె కానవచ్చును. ఆ సీమకు సహజమైన వృక్షజాతు లనేకములకు నేడవియే ఆశ్రయములు. చట్టము చేయలేని పనిని భక్తి చేసినదని సంతోషింపవలసినదే.

కాని యా చిత్రమునే మరల చూడుడు. చుక్కల నడుమనున్న దుక్కినేలలో చాలభాగ మొకప్పు డడవియే. గుడినీడలో తలవంచిన చేయియే వెలుపల గొడ్డలి పట్టినది. ఆకలిగొన్న కాపును నిందించుట నా యుద్దేశము కాదు. అయినను, దైవము లోపలనే యున్నాడని నమ్మినచో వెలుపలిది అనాథయగును గదా!

ఆ వనములకును ఆపద రాకపోలేదు. పశువులు చొరబడి మొలకలను మేయుటచే ముసలిచెట్లేగాని పిల్లచెట్లు మిగులకుండెను. అప్పుడు అలెమాయెహు వాసీ అను ఆ దేశపు వృక్షశాస్త్రజ్ఞుడును, మెగ్ లోమన్ అను అమెరికా శాస్త్రజ్ఞురాలును అచ్చటి గురువులతో కలసి రాతిగోడలు కట్టించుటకు పూనుకొనిరి. ఆ రాళ్లు చుట్టునున్న పొలములలో ఏరినవి. వనమునకు రక్ష కలిగెను. పొలమునకు రాళ్లబాధ తగ్గెను. పవిత్రత గోడ దాటి పొలమునకు సాయపడిన తీరిది.

6వ శతాబ్దమున ఇటలీలో బెనెడిక్టు తన మఠనియమములలో, ఉగ్రాణాధికారి మఠమందలి పనిముట్ల నన్నిటిని పూజావేదికపై పాత్రలవలె చూడవలెనని విధించెను. పారయు, గంపయు, కుండయు పూజాద్రవ్యములే యన్నమాట! 1989లో కాన్‌స్టాంటినోపులు పాట్రియార్కు దిమిత్రియోసు సెప్టెంబరు 1వ తేదీని సృష్టికొరకు ప్రార్థించు దినముగా ప్రకటించెను. 2015లో పోపు ఫ్రాన్సిసు దానిని కథోలికులకును ఏర్పరచెను. మంచిదే. కాని యేటికొక దినమును గూడ ప్రహరియే. మిగిలిన దినముల మాటయేమి?

ఇంతమాత్రమున ప్రహరి కూడదనరాదు. బడిగోడల నడుమ అక్షరములు నేర్పుట నా వృత్తి. గోడలు లేనిచో పిల్లవాడు నేర్వలేడు. గోడలలోనే చదివి, వెలుపల చదువనివానిని చదువుకొన్నవాడని యెవరనగలరు? పవిత్రస్థల మట్టి బడియే. పూజగదిలోని ఉద్ధరిణెను బంగారమువలె చూచుకొనుచు, పెరటికుళాయిని కట్టకయే వచ్చు నా యలవాటు తలపునకు రాగా సిగ్గుపడితిని. నా చదువింకను గోడ దాటలేదు.