పగ్గము ఎవని చేతిలో నున్నది?

చట్టము నోరు తెరువని చోట మనుష్యుని బాధ్యత కూడ లేకుండపోవునా? ఈ ప్రశ్న ప్రాచీనమైనది. అయినను మన కాలములో ఒక చిన్న నీటివాహనమును బట్టి అది మరల లేచినది గనుక ఈ నెల దానిని గూర్చి కొంత ఆలోచింతము.

జెట్ స్కీ అను వాహనమును మనలో అనేకులు చూచియుండకపోవచ్చును. కవసాకీ కంపెనీవారు ఈ పేరుతో ఒకదానిని అమ్మకమునకు పెట్టిరి. ఇప్పుడు ఆ జాతి వాహనములన్నిటిని జనులు ఆ పేరుతోనే పిలుచుచున్నారు. అది చక్రములు లేని మోటారు సైకిలువలె నుండును. దానిమీద ఒకరుగాని ఇద్దరు ముగ్గురుగాని కూర్చొని నీటిమీద పోవుదురు. పెద్దవాటి బరువు 300 కిలోలకు మించును. గంటకు 100 కిలోమీటర్ల వేగమును అందుకొనగలవియు కలవు. సముద్రతీరమునకు విహారమునకు వచ్చినవారు, అంతకుముందెన్నడును దానిని ముట్టనివారు సయితము, కొన్ని నిమిషములకు అద్దెకు తీసికొని నడుపుదురు.

ఈ వాహనము పనిచేయు విధములోనే ఒక అపాయము దాగియున్నది. పడవకున్నట్లు దీనికి చుక్కాని లేదు. ఇంజను అడుగునుండి నీటిని పీల్చి వెనుకనున్న గొట్టముగుండ బలముగా చిమ్మును. ఆ ధారయే వాహనమును ముందుకు త్రోయును. హ్యాండిలు త్రిప్పినప్పుడు గొట్టపు మూతి ప్రక్కకు తిరుగును. ధార దిక్కు మారును. వాహనము మలుపు తిరుగును. కాబట్టి ధార యున్నంతవరకే మలుపు. ఎదుట ఈదుచున్న మనిషి కనబడగానే నడుపువాడు బెదరి యాక్సిలరేటరు వదలివేసిన యెడల ధార సన్నగిల్లిపోవును. పిమ్మట హ్యాండిలు ఎంత త్రిప్పినను వాహనము అదే ఊపుతో తిన్నగా పోవును. కొన్ని క్రొత్త వాహనములలో దీనికి విరుగుడు ఏర్పాట్లు ఉన్నవి గాని అన్నిటిలోను లేవు.

ఇట్టి వాహనమునకు నియమములు అవసరమని వేరుగ చెప్పనక్కరలేదు. ఎక్కిన ప్రతివాడును లైఫ్ జాకెట్టు తొడుగుకొనవలెను. ఇంజనును ఆపు త్రాడును తన మణికట్టుకు గాని జాకెట్టుకు గాని తగిలించుకొనవలెను. అతడు నీటిలో పడినయెడల ఆ త్రాడు ఊడి ఇంజను ఆగిపోవును. ఈదువారి దగ్గరను ఒడ్డు దగ్గరను మెల్లగా పోవలెను. త్రాగి నడుపరాదు. సముద్రముమీద ఓడలు ఢీకొనకుండుటకు 1972లో అనేక దేశములు కూడి చేసికొన్న నిబంధనల ప్రకారము, ఇంజనుతో నడుచునవి రెండు ఎదురెదురుగా వచ్చినయెడల రెండును కుడిప్రక్కకు తొలగవలెను. మన రోడ్డుమీద ఎడమకు తొలగుట అలవాటైనవాడు ఈ సంగతి నేర్చుకొనకయే నీటిలోనికి దిగినయెడల ఏమగునో చెప్పనేల? ఒకని దారికి ఒకడు అడ్డముగా వచ్చునప్పుడు, తన కుడిప్రక్క ఎవడుండునో వానికి దారి ఇయ్యవలెను. దాటిపోవువాడు ముందువానికి దూరముగా తొలగి పోవలెను.

ఇక ఇంగ్లండు దేశములో జరిగిన సంగతి చూడుడి. 2004లో వేమత్ అను రేవుపట్టణము దగ్గర ఒకడు నడుపుచున్న జెట్ స్కీ, కదలక నిలిచియున్న మరియొక జెట్ స్కీని గుద్దగా దానిమీదనున్న మనిషికి గొప్ప గాయములాయెను. నడిపినవానికి ఓడల చట్టము క్రింద శిక్ష పడినది. కాని 2005లో పై న్యాయస్థానము ఆ శిక్షను కొట్టివేసినది. ఆ చట్టములో చెప్పబడిన ఓడ అను మాటలో జెట్ స్కీ ఇమడదని వారి తీర్పు. న్యాయాధిపతులు చట్టములోని మాటనుబట్టి తీర్పు చెప్పిరి. అది వారి ధర్మము. ఆ లోటు తీర్చుటకు 17 సంవత్సరములకు పైగా పట్టినది. 2023 మార్చి 31 నుండి అక్కడ జెట్ స్కీలకు కూడ ఓడల నిబంధనలు వర్తించుచున్నవి. అజాగ్రత్తతో ఇతరులకు అపాయము కలిగించినవానికి రెండేండ్లవరకు చెరసాల శిక్ష విధింపవచ్చును.

ఆ 17 ఏండ్లలో నీటిమీద ఉన్నవారి ఎముకలు ఇప్పటికంటె గట్టివా? వారి తల్లుల కన్నీరు ఇప్పటికంటె తక్కువదా? చట్టము లేనప్పుడు శిక్ష లేకపోవచ్చును గాని పొరుగువాడు లేకపోలేదు. పొరుగువాడున్న చోట బాధ్యతయు నున్నది.

ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయము 8వ వచనములో, క్రొత్తయిల్లు కట్టువాడు మిద్దెకు పిట్టగోడ కట్టవలెనను ఆజ్ఞను మనము చదువుచున్నాము. ఎవడైనను పడిన తరువాత కట్టుమని కాదు, పడకమునుపే కట్టుమని. నిర్గమకాండము 21వ అధ్యాయములో పొడుచు ఎద్దును గూర్చిన విధి యున్నది. ఎద్దు పొడుచునని యెరిగియు, హెచ్చరిక వినియు దానిని కట్టివేయనివాని దోషము, ఏమియు ఎరుగనివాని దోషముతో సమానము కాదు. జెట్ స్కీలు అద్దెకిచ్చువారికి ఈ మాట బాగుగా తగును. వేగము వదలినయెడల మలుపు పోవునని యజమానునికి తెలియును; అద్దెకు వచ్చినవానికి తెలియదు. ఆ సంగతి చెప్పక, త్రాడు కట్టక తాళము చేతికిచ్చువాడు ఎద్దును వీధిలోనికి వదలినవానితో సమానుడు కాడా?

ఈదువానికి మాత్రము జాగ్రత్త అక్కరలేదా అని ఒకరు అడుగవచ్చును. అక్కరయే, ఈదుటకు గురుతు పెట్టిన హద్దు దాటరాదు. అయితే ఇద్దరి భారమును ఒకే తూకము కాదు. ఒకనికి రెండు చేతులు మాత్రమే యున్నవి. మరియొకని చేతిలో 300 కిలోల ఇనుమును నిప్పును ఉన్నవి. ఎక్కువ బలము ఎవని చేతిలో నుండునో వానినుండి ఎక్కువ జాగ్రత్త అడుగబడును.

ఆ వాహనము మనకు మరియొక సంగతియు నేర్పుచున్నది. ఆపద ఎదురైనప్పుడు చెయ్యి వదలివేయుట నిర్దోషత్వము కాదు. నేనేమియు చేయలేదని చెప్పినను, అంతకుముందు మనము ఇచ్చిన వేగము మన మారుగా పనిచేయుచునే యుండును. కావున మలుపు తిరుగుటకు చోటు ఉన్నప్పుడే, ఎదుటివాడు దూరముగా ఉన్నప్పుడే జాగ్రత్తపడవలెను.

మన గ్రామములలో జెట్ స్కీ లేదు, ట్రాక్టరు ఉన్నది. వెనుక దీపము లేని ట్రాలీని చీకటిలో రోడ్డుప్రక్క నిలిపి భోజనమునకు పోవువారు ఉన్నారు. పండుగనాడు పదునాలుగేండ్ల పిల్లవానికి మోటారు సైకిలు తాళము ఇచ్చి, వాడు నడుపుట చూచి సంతోషించు తండ్రులును ఉన్నారు. పోలీసువాడు పట్టుకొనునా లేదా అని మనము ఆలోచించుచున్నాము. ఆ దారిని వచ్చువాడు ఇల్లు చేరునా లేదా అనునదే మొదట ఆలోచింపవలసినది. ఈ రాత్రి పండుకొనకమునుపు మన ఇంట పగ్గము ఎవని చేతిలో నున్నదో చూచుకొందము.