నాదమునకు కర్త ఎవరు?

మృదంగము వాయించువానిని చూచి, ఈ నాదమునకు కర్త ఎవరని అడిగెడువాడు లేడు. చర్మము మీద చేయి పడినది. పడిన చోటనే, పడిన క్షణముననే శబ్దము పుట్టినది. కార్యకారణములు రెండును ఒక్కచోటనే కన్నులకు గోచరించుచుండగా సంశయమునకు తావెక్కడిది? కాని నేడు సంగీతనిర్మాణము చేయువారి బల్లల మీద కానవచ్చుచున్న మిడి ప్యాడ్ కంట్రోలరును తీసికొనుడు. నాలుగు వరుసలలో నాలుగేసి చొప్పున పదునారు రబ్బరు ప్యాడ్లు. వ్రేలితో కొట్టినచో రబ్బరు తానుగా పలుకునది ఏమియు లేదు. కంప్యూటరు నుండి మాత్రము ఎవరో, ఎన్నడో, ఎక్కడనో వాయించిన మృదంగశబ్దము వెలువడును. ఇప్పుడు కొట్టినవారు ఒకరు, అప్పుడు వాయించినవారు మరియొకరు, నడుమ పలికినది ఒక యంత్రము. ఈ నాదము ఎవరిది? పరికరమును అమర్చుకొనుటలోనే ఈ ప్రశ్నకు సగము సమాధానము ఉన్నదని నాకు తోచుచున్నది. తక్కిన సగమునకై మన మీమాంసకుల యొద్దకు పోవలసియున్నది.

1983వ సంవత్సరము జనవరిలో అమెరికాలో జరిగిన నామ్ వాద్యప్రదర్శనయందు, సీక్వెన్షియల్ సర్క్యూట్స్ వారి ప్రాఫెట్-600నకును రోలాండ్ వారి జూపిటర్-6నకును నడుమ ఒక కేబుల్ తగిలించి, ఒకదాని మెట్లు నొక్కగా రెండవది కూడ పలుకుటను చూపించిరి. పోటీదారులైన రెండు సంస్థల వాద్యములు మిడి అను ఒకే కట్టుబాటునకు లోబడి పలుకుట అప్పటికి చిన్న విషయము కాదు. దీనికి మూలపురుషులైన డేవ్ స్మిత్, ఇకుతారో కకెహాషి అనువారలకు 2013లో టెక్నికల్ గ్రామీ పురస్కారము లభించెను. ఐతే ఆ కేబులులో ప్రవహించినది శబ్దము కాదు. సెకనుకు 31,250 బిట్ల వేగముతో పోవు సందేశము అది. ఒక దెబ్బకు మూడు బైట్లు: ఏ ఛానెల్‌లో స్వరము నారంభింపవలెనో మొదటిది, 0 నుండి 127 వరకు గల సంఖ్యలలో ఏ స్వరమో రెండవది, ఎంత వెలాసిటీతోనో, అనగా ఎంత బలముతోనో, మూడవది. శుభలేఖలో పెండ్లి లేనట్లే ఆ మూడు బైట్లలో నాదము లేదు. ప్యాడ్ల చతురస్రము వేరొక మార్గమున వచ్చినది. డ్రమ్ముల శబ్దములను రికార్డు చేసి చిప్పులలో నిలిపి 1980లో ఎల్ఎం-1 అను యంత్రమును వెలువరించిన రోజర్ లిన్, 1988లో జపాను దేశపు అకాయ్ సంస్థకై ఎంపీసీ60ను రూపొందించెను. నేటి ప్యాడ్ కంట్రోలర్లలో పెక్కింటికి ఆ పదునారు ప్యాడ్ల ఆకారమే ఒరవడి.

శబ్దమునకును అర్థమునకును గల సంబంధము ఔత్పత్తికమని, అనగా ఎవరును కల్పింపక సహజముగా నున్నదని మీమాంసకుడైన జైమిని మతము. కాదు, అది సమయకృతము, ఈ పదమునకు ఈ యర్థమని ఏర్పరచుకొనినదే యని నైయాయికులందురు. వేలయేండ్ల ఈ వివాదము ప్యాడ్ కంట్రోలరు ముందు కూర్చున్నవానికి పాండిత్యవిషయము కాదు, నిత్యానుభవము. ఈ ప్యాడునకు 36 అను సంఖ్య. 36 అను సంఖ్యకు బాస్ డ్రమ్ము. జనరల్ మిడి అను ఒడంబడికలో పదవ ఛానెల్ తాళవాద్యములది. అందు 36 బాస్ డ్రమ్ము, 38 స్నేర్, 42 మూసిన హైహ్యాట్. అందు మృదంగమునకు పీఠము లేదు. కావున మృదంగశబ్దములను అమర్చుకొనువాడు తానే ఒక సమయమును ఏర్పరచుకొనవలెను. నేను క్రింది వరుసలో ఎడమవైపున మృదంగపు ఎడమముఖమైన తొప్పి శబ్దములైన ‘తొం’, ‘త’ అనువానిని నిలిపి, వానికి కుడివైపునను పై వరుసలోను కుడిముఖమైన వలంతల శబ్దములైన ‘నం’, ‘ది’, చాపు అనువానిని పెట్టుకొంటిని. ఇట్లే పెట్టవలెనని శాసించు ధర్మమేదియు రబ్బరులో లేదు. అంతేకాదు, నిజమైన తొప్పి మీద ‘తొం’ మ్రోగుచుండగా అరచేయి మూసి ‘త’ కొట్టినచో మొదటి మ్రోత దానంతటదే ఆగును, ఇచ్చట ఆ రెండింటిని ఒకే చోక్ గ్రూపులో చేర్చితే గాని ఆగదు. ప్రకృతి చేసిన పని నంతటిని ఇచ్చట మనుష్యుడు ఒక్కొక్కటిగా విధింపవలసియున్నది.

ఇంతవరకు చూచినచో గెలుపు నైయాయికులదే. కాని కొంతకాలము అభ్యాసము జరిగిన పిమ్మట ఒక్క ప్యాడును మార్చి చూడుడు. ‘ది’ ఉన్న చోట ‘నం’ పెట్టినచో బుద్ధి దానిని క్షణములో గ్రహించును, చేయి గ్రహింపదు. వ్రేలు పాత చోటికే పోవును, అచ్చట వేరు శబ్దము పలుకగా చెవి ఉలికిపడును, తాళము తప్పును. అభ్యాసమునకు దీర్ఘకాలమును, నైరంతర్యమును, ఆదరమును అంగములుగా చెప్పిన పతంజలి ఎరిగిన విషయమే ఇది: ఏర్పరచుకొనిన కట్టుబాటు సంస్కారమై చేతిలోనికి దిగిన పిదప అది ఇక కట్టుబాటుగా ఉండదు. ఆ చేతికి అది ఔత్పత్తికమే. అందుచేతనే, కర్తయొక్క మొదటి క్రియ ప్యాడును కొట్టుట కాదు, ప్యాడునకు శబ్దమును నియమించుట అని నేను తలంచుచున్నాను. కర్మాగారమునుండి వచ్చిన అమరికతోనే జీవితమంతయు వాయించువాడు, ఆ యంత్రమును చేసినవారి సంకల్పమును తన చేతిలో సంస్కారముగా నిలుపుకొనుచున్నాడు. అది పాపమని నేననను. తెలిసి చేయవలెనని మాత్రము అందును.

ప్రయత్నమునకును ఫలమునకును గల సంబంధము వెలాసిటీ కర్వులో నున్నది. ప్యాడు క్రింది సెన్సరు ఒత్తిడిని గ్రహించి 1 నుండి 127 వరకు ఒక సంఖ్యగా మార్చును. ఎంత ఒత్తిడికి ఎంత సంఖ్య అనునది కర్వు చెప్పును. ఏ ఒత్తిడికి లోబడినది దెబ్బయే కాదో థ్రెషోల్డ్ చెప్పును. థ్రెషోల్డ్ తక్కువైనచో ప్రక్క ప్యాడును గట్టిగా కొట్టినప్పుడు ఇది కూడ తోడుగా పలుకును. ఎక్కువైనచో మృదంగములో ప్రాణమువంటి మెత్తని వ్రేలిముట్లు అసలు వినబడవు. ఈ నడిమి స్థానమును వెదకుటలో నేను పొందిన ఆనందము చెప్పుకొనదగినది. మునివ్రేలితో తాకుచు, తెర మీద 18, 23, 31 అని మారు సంఖ్యలను చూచుచు, చెవికి వినబడుచున్న దానితో వానిని పోల్చుకొనుచు పోగా, ఒకచోట చేతి తలంపును చెవి వినికిడియు కలిసిపోయి సంఖ్యలను చూడవలసిన పని తీరినది. ఫుల్ లెవెల్ అను మీట ఒకటి కలదు. దానిని నొక్కినచో ఎట్లు కొట్టినను 127 పలుకును. ప్రయత్నభేదము ఫలములో కానరాని చోట కర్తృత్వములో ఒక పాలు లుప్తమైనట్లే.

ఇక గుమికి. తొప్పి మీద తడి రవ్వముద్ద పెట్టి, ‘తొం’ కొట్టి, ఆ మ్రోత ఆరకముందే మణికట్టునకు చేరువనున్న అరచేతి భాగముతో చర్మమును ఒత్తుచు జరిపినచో, నాదము క్రిందినుండి మీదికి వంగి లేచును. అది దెబ్బ కాదు, దెబ్బ తరువాతి జీవితము. స్వరము మొదలైనదని చెప్పు సందేశము ఆ క్షణముతో ముగిసిపోవును. ఆ తరువాత చేయి ఏమి చేయుచున్నదో దానికి అక్కరలేదు. కొట్టిన పిమ్మట ప్యాడు మీద నిలిచియున్న ఒత్తిడిని ఆఫ్టర్‌టచ్ అను వేరు సందేశముగా పంపు ప్యాడ్లు కలవు. ఆ ఒత్తిడిని శాంపిలు అను రికార్డు శబ్దముయొక్క స్థాయికి ముడివేసి, కొద్ది పరిధిలో మాత్రమే వంగునట్లు నియమించినచో గుమికికి ఒక ఛాయ వచ్చును. ఛాయయే, ఏలయన చర్మము చేతిని ఎదిరించినట్లు రబ్బరు ఎదిరింపదు, ఆ ఎదిరింపులోనుండియే కదా వాదకుడు ఎంత ఒత్తవలెనో నేర్చుకొనునది! ఐనను ఆ ఛాయను కూడ నేను విలువైనదిగా ఎంచుచున్నాను. నాదము పుట్టిన పిదప కూడ దాని బాధ్యత చేతిని విడువలేదని అది చూపుచున్నది.

శబ్దమును నియమింపవచ్చును, బలమును వంచవచ్చును. కాలమును మాత్రము ముందుగా నియమింప వీలులేదు, అది దెబ్బతోనే పుట్టవలెను. సెకనుకు 44,100 శాంపిళ్ల, అనగా శబ్దపు కొలతల, వేగమున నడచు కంప్యూటరులో, శబ్దమును తాత్కాలికముగా నిలుపు బఫరును 1,024 శాంపిళ్లకు పెట్టినచో దెబ్బకును నాదమునకును నడుమ 23 మిల్లీసెకన్లు దానికే పోవును, 256నకు దించినచో 6 కంటె తక్కువ. ఈ ఎడము పెరిగిన కొలది ఈ నాదము నాది అను ప్రత్యయమే సడలిపోవును. దీనికంటె పెద్ద ప్రమాదము, దెబ్బలను దగ్గరి గడికి లాగు క్వాంటైజ్ అను సవరణలో నున్నది. నిమిషమునకు 100 అక్షరముల నడకలో ఒక్కొక్క అక్షరము 600 మిల్లీసెకన్లు. తిస్ర నడలో మూడు దెబ్బలు 0, 200, 400 దగ్గర పడవలెను. అక్షరమును నాలుగు గడులుగా చేసిన చట్రములో ఉన్న స్థానములు 0, 150, 300, 450. యంత్రము 200ను 150నకు, 400ను 450నకు లాగివేయును. తిస్రము చచ్చి, చతురస్రమునకు చెందిన ఒక కుంటినడక మిగులును. తప్పు యంత్రముది కాదు, దానికి చెప్పిన నడది. తిస్రపు చట్రమునే ఏర్పరచినచో ఈ హింస లేదు. కాని సరియైన చట్రములో సహితము, వాదకుడు తెలిసి ఒక వెండ్రుకవాసి వెనుకకు వేసిన దెబ్బను చట్రము క్షమింపదు. డెట్రాయిట్ నగరమునకు చెందిన సంగీతనిర్మాత జె డిల్లా, 2006లో మరణించుటకు ముందు, తన చేతి కాలమును గడులలో బిగింపక విడిచి చేసిన రచనలు ఎందరకో క్రొత్త లయను నేర్పినవి. అతడు వాడిన ఎంపీసీ3000 నేడు వాషింగ్టనులోని ఆఫ్రికన్ అమెరికన్ చరిత్ర సంస్కృతుల జాతీయ మ్యూజియములో నున్నది. ఆ పెట్టెను అచ్చట నిలిపినది ఆ చేయి పాటించిన కాలమే గాని పెట్టెలోని విద్యుత్తు కాదు.

క్రియ సిద్ధించుటకు అధిష్ఠానము, కర్త, కరణము, చేష్ట, దైవము అని ఐదు కారణములను గీత పదునెనిమిదవ అధ్యాయము చెప్పుచున్నది. ప్యాడును, కంప్యూటరును కరణములు; వ్రేళ్ల చలనము చేష్ట. శాంపిలులో నిలిచియున్న ఆ మృదంగవాదకుని ఎచ్చట చేర్తుము? అతడు మనుష్యుడు; సాధన చేసి, సంకల్పించి వాయించినవాడు; అతనిని కరణములలో వేయుటకు నాకు మనసొప్పదు. మీమాంసకులు ఈ చిక్కును యజ్ఞములో చూచిరి. హోమము చేయువారు ఋత్విజులు. ఫలము మాత్రము యజమానునికి. ఇది ఎట్లు న్యాయమనగా, యజమానుడు వారిని వరించి, దక్షిణ ఇచ్చి వారి కర్మను పరిక్రయము చేసినాడు గనుక ననిరి. ప్యాడు ముందు కూర్చున్నవాడు యజమానుడు, శాంపిలులోనివాడు ఋత్విజుడు. వరణమును దక్షిణయు జరిగినచోట నూతనరచన కొట్టినవానిదే యనుటలో నాకు సందేహము లేదు. అవి లేనిచోట ఫలసంక్రమణమునకు మూలమే లేదు. 1991 డిసెంబరులో న్యూయార్కు ఫెడరల్ న్యాయస్థానము, గిల్బర్ట్ ఓ’సల్లివన్ పాటనుండి అనుమతి లేక తునుకను తీసి వాడిన బిజ్ మార్కీ అను ర్యాప్ గాయకుని విషయమున ఇంచుమించు ఇదే తీర్పును వేరు మార్గమున చెప్పినది.

న్యాయస్థానము అనుమతితో తృప్తిపడును. మన సంప్రదాయము ఇంకొక మెట్టు పైకి పోయినది: ఋత్విజుని పేరు పెట్టి పిలిచి వరింపవలెను. నేడు అంగళ్లలో అమ్మబడు శాంపిలు సంచికలలో ధర చెల్లింపబడియే యుండును, హక్కులును సక్రమముగనే యుండును, కాని ఆ ‘నం’ వాయించినవారి పేరు పెక్కుచోట్ల కానరాదు. పేరు తెలిసిన వాదకుని కూర్చుండబెట్టి, అతని ఎదుటనే పదునారు శబ్దములను రికార్డు చేసికొని, రచన వెలువడునప్పుడు అతని పేరును వాదకుల పట్టికలోనే అచ్చువేయుట సాధ్యమైన పని. అందుకు కావలసినది ఒక మైకు, ఒక మధ్యాహ్నము, ఉచితమైన దక్షిణ. అట్లు చేయువరకు నా ప్యాడ్లలోని మృదంగశబ్దములను అభ్యాసమునకే గాని ప్రకటించు రచనకు వాడరాదని నియమము పెట్టుకొనియున్నాను.