ముందు బల్బు

12 ఓల్టుల బ్యాటరీ ఒకటి. దానికి ఒకే రకం బల్బులు మూడు, ఒకదాని తర్వాత ఒకటి శ్రేణిలో కలిపారు. మూడో బల్బుకి ఈ కొస నుంచి ఆ కొసకి విడిగా ఇంకో తీగ, ఆ తీగలో ఒక స్విచ్చి. స్విచ్చి వేస్తే ఏమవుతుంది?

లెక్క కట్టడానికి ఇందులో పెద్దగా ఏమీ లేదు. స్విచ్చి వేయగానే కరెంటుకి మూడో బల్బుని తప్పించుకునే దారి దొరుకుతుంది, ఆ బల్బు ఆరిపోతుంది. అంతకుముందు ఒక్కో బల్బుకి 4 ఓల్టులు వచ్చేవి, ఇప్పుడు మిగిలిన రెండిటికీ చెరో 6. కాబట్టి అవి ఇంకా ఎక్కువగా వెలుగుతాయి. ఎరిక్ మజూర్ అనే ప్రొఫెసర్ హార్వర్డ్‌లో తన ఫిజిక్స్ క్లాసుకి ఈ ప్రశ్న ఇచ్చాడు. అదే పరీక్షలో రెండు లూపుల సర్క్యూట్ ఒకటి ఇచ్చి, ఫలానా నిరోధంలో కరెంటు ఎంతో కనుక్కోమన్నాడు. కిర్చాఫ్ సమీకరణాలు రాసి ఆ పెద్ద లెక్క చేసేసిన వాళ్ళలో చాలామంది ఈ మూడు బల్బుల దగ్గర బోల్తాపడ్డారు. 1997లో వచ్చిన 'పీర్ ఇన్‌స్ట్రక్షన్' అనే పుస్తకంలో ఆయన ఆ రెండు ప్రశ్నల్నీ పక్కపక్కన పెట్టి చూపించాడు. అంతకు ఐదేళ్ళ ముందే వాషింగ్టన్ యూనివర్సిటీలో లిలియన్ మెక్‌డెర్మట్, పీటర్ షాఫర్ ఇలాంటి బల్బులతోనే ఇలాంటి సంగతే బయటపెట్టారు.

ఇది చదివి 'ఇప్పటి చదువులు ఇంతే' అనేసుకోవచ్చు. మన దగ్గర ఆ మాట అనడానికి ఎవరూ మొహమాటపడరు కూడా. నన్ను పట్టుకున్న ప్రశ్న వేరు. జవాబు సరిగ్గా వచ్చినప్పుడు లోపల నమ్మకం తప్పుగా ఉంటే ఏం పోయింది? నిజంగా ఏమైనా పోయిందా? ఒకవేళ పోతే, ఎవరికి?

తప్పు నమ్మకం ఏమిటో ముందు చూద్దాం. రెండు బల్బులు శ్రేణిలో ఉంటే బ్యాటరీకి దగ్గరున్నది ఎక్కువ వెలుగుతుందని చాలామందికి అనిపిస్తుంది. కరెంటు బ్యాటరీలోంచి బయల్దేరింది, ముందు బల్బు దాన్ని కొంత వాడేసుకుంది, మిగిలిందేదో రెండోదానికి వెళ్ళింది. ఎంత చక్కటి కథ! దీన్ని తెలివితక్కువతనం అనడానికి నాకు మనసొప్పదు. ఎందుకంటే మన భాషే ఈ కథ చెబుతోంది. ఏసీ కరెంటు తినేస్తుంది, గీజరు కరెంటు లాగేస్తుంది, ఎండాకాలం కరెంటు ఎక్కువ ఖర్చవుతుంది, నెలాఖరుకి కరెంటు బిల్లు వస్తుంది. కరెంటు పోతుంది, మళ్ళీ వస్తుంది. ఓల్టేజీ, శక్తి, సప్లై, విద్యుత్ శాఖ, అన్నిటికీ కలిపి మనకున్నది ఆ ఒక్క మాటే. ఆ మాటని పదహారేళ్ళు వింటూ పెరిగిన మనిషిని తీసుకొచ్చి, కరెంటు ఎక్కడా ఖర్చవదు, ఎంత బయల్దేరిందో అంతా వెనక్కి వస్తుంది అని ఒక పీరియడ్‌లో చెప్పేసి, బోర్డు తుడిచేస్తాం.

పైగా ఉపమానం కోసం నీళ్ళ దగ్గరికి వెళ్తాం. మా నాన్నగారి ఊరు కాలువ శివారు. ఎగువన ఉన్నవాళ్ళు తూములు ఎత్తేసుకుంటే శివారు భూములకి నీళ్ళందవు. ఈ సంగతి అక్కడ నడక వచ్చిన ప్రతివాడికీ తెలుసు. 'కరెంటు అంటే నీళ్ళు పారినట్టే' అని వాళ్ళకి చెబితే ఏం అర్థమవుతుంది? ముందున్నవాడిదే రాజ్యమని. నిజానికి సర్క్యూట్‌లో శివారు లేదు. కాలువలో నీళ్ళు పొలంలోకి వెళ్ళిపోతాయి, తిరిగి రావు. సర్క్యూట్ సైకిల్ చైను లాంటిది. చైనులో మొదటి లింకు ఏదంటే ఏం చెబుతాం? పెడలు తొక్కగానే అన్ని లింకులూ ఒకేసారి కదులుతాయి. వెనక చక్రం పని తీసుకుంటుంది కానీ లింకుల్ని తినెయ్యదు.

ఎలక్ట్రాన్ల నడక లెక్క చూస్తే ఇది ఇంకా బాగా తెలుస్తుంది. ఒక చదరపు మిల్లీమీటరు మందం ఉన్న రాగి తీగలో 1 ఆంపియర్ వెళ్తుంటే, ఎలక్ట్రాన్లు సగటున సెకనుకి 0.07 మిల్లీమీటర్లు జరుగుతాయి. మీటరు తీగ దాటడానికి దాదాపు నాలుగు గంటలు. బల్బు మాత్రం స్విచ్చి వేసిన మరుక్షణం వెలుగుతుంది. అంటే బ్యాటరీ దగ్గర బయల్దేరినవాడు వచ్చి వెలిగించడం లేదు, బల్బులో ముందునుంచీ ఉన్నవాళ్ళే కదులుతున్నారు. ముందు ఇది, తర్వాత అది అనే కథ ఇక్కడ పనికిరాదు. మూడో బల్బుకి అడ్డంగా తీగ వేస్తే, దానికంటే ముందున్న మొదటి బల్బు కూడా మారుతుంది. మొత్తం ఒకేసారి చూడాలి. కథలతో పెరిగిన మనకి అదే కష్టం.

ఇప్పుడు నా ప్రశ్నకి వస్తాను. మా అక్క కూతురు ఇంటర్ రెండో సంవత్సరం. ప్రవాహ విద్యుత్తు చాప్టర్‌లో దానికి రాని లెక్క లేదు. నేను పక్కన కూర్చుని చూశాను. నాలుగు నిరోధాల వలని రెండు గీతల్లో కుదించేస్తుంది. ఒకరోజు మాటల్లో మాటగా, "రెండు బల్బులు సిరీస్‌లో ఉంటే ఏది ఎక్కువ వెలుగుతుందే?" అన్నాను. "ముందు బల్బు, మామయ్యా" అంది, తల కూడా ఎత్తకుండా. "రెండిట్లో కరెంటు ఎంత?" అంటే, "సేమ్, సిరీస్ కదా!" అంది. రెండు మాటలకీ మధ్య అర నిమిషం కూడా లేదు. వాటికి ఒకదానితో ఒకటి పరిచయం లేదు, అంతే.

దీనికి పాత తత్వశాస్త్రంలో ఒక చర్చ ఉంది. ప్లేటో 'మెనో'లో సోక్రటీస్ లారిస్సా ఊరికి వెళ్ళే దారి గురించి అడుగుతాడు. దారి తెలిసినవాడు ఊరు చేరుస్తాడు. తెలియకపోయినా సరిగ్గా ఊహించినవాడూ చేరుస్తాడు. అలాంటప్పుడు తెలియడంలో గొప్పేమిటి? సరైన అభిప్రాయం డెడాలస్ చెక్కిన బొమ్మల్లాంటిది, కట్టెయ్యకపోతే పారిపోతుంది, కారణమనే తాడుతో కట్టాలి అంటాడాయన. బాగుంది. కానీ మా అమ్మాయి సంగతి సోక్రటీస్ చెప్పిన ఇద్దరిలోకీ రాదు. ఊరికి సరిగ్గానే చేరుస్తోంది, జేబులో మాత్రం తప్పు పటం ఉంది. ఆ పటం తీసి చూడాల్సిన అవసరం దానికి రావడం లేదు, ఎవరూ రానివ్వడం లేదు.

ఎంసెట్‌లో 180 నిమిషాలకి 160 ప్రశ్నలు. ఒక్కోదానికి 67 సెకన్ల చిల్లర. ఈ లెక్క తెలిసిన లెక్చరర్ బల్బు ఎందుకు వెలుగుతుందో వివరిస్తూ కూర్చోడు. అతన్ని తిట్టడం తేలిక. ఇంట్లో మొదటిసారి ఇంజినీరింగ్ చదవబోయే పిల్లకి ఆ ర్యాంకు ఏమిటో అతనికి నాకంటే బాగా తెలుసు. మా అక్కకీ తెలుసు. నేను ఈ విషయం చెబితే, "ఒరేయ్, ఇప్పుడు దాన్ని కెలక్కురా. మార్కులు వస్తున్నాయిగా. పరీక్షలయ్యాక నీ ఇష్టం వచ్చినన్ని బల్బులు చూపించుకో" అంది. అందులో అన్యాయం ఏమీ కనిపించలేదు నాకు. తప్పు నమ్మకాన్ని కదిపితే కొన్నాళ్ళు సరైన జవాబు కూడా ఊగుతుంది. పరీక్షకి మూడు నెలల ముందు ఆ ఊగుడికి ధర ఎవరు కడతారు? మామయ్య అయితే కట్టడు.

అయినా ఊరుకోలేకపోయాను. కారణం చెప్పడానికి ప్రయత్నిస్తాను.

లోపల తప్పు ఉండటం ఒక్కటే అయితే నాకంత పట్టింపు ఉండేది కాదు. నా తలలోనూ అలాంటివి బోలెడు ఉండే ఉంటాయి. నాకు భయం వేసింది ఆ రెండు ఖాతాలు చూసి. పరీక్షకి ఒక ఖాతా, తనకి ఒక ఖాతా. తనకి అనిపించినదానికీ బోర్డు మీద రాసినదానికీ పొత్తు కుదరనప్పుడు పిల్లలు తమకి అనిపించినదాన్ని వదిలెయ్యరు, దాన్ని అడగడం మానేస్తారు. 'నాకేమనిపిస్తోంది' అన్నది లెక్కలోకి రాని విషయం అయిపోతుంది. నా వృత్తిలో ఇది రోజూ చూస్తాను. టెస్టులన్నీ పాసైపోతాయి. కోడ్ ఎందుకు పనిచేస్తోందో మీటింగ్‌లో ఎవరూ చెప్పలేరు. అడిగినవాడు కొత్తగా చేరాడని అందరికీ అర్థమవుతుంది.

V = IR అని అర గీతలో రాసేస్తాం కదా. గియార్గ్ ఓమ్ కొలోన్‌లో స్కూలు మాస్టారు. అప్పటి బ్యాటరీల్లో కరెంటు నిలకడగా ఉండేది కాదు. దాంతో బిస్మత్, రాగి కలిపిన జంటని తీసుకుని, ఒక అతుకుని మరిగే నీళ్ళలో, ఇంకో అతుకుని మంచులో పెట్టి, ఆ వేడి తేడాతో వచ్చే నిలకడైన కరెంటుతో కొలతలు తీశాడు. 1827లో పుస్తకం వేస్తే సొంత దేశంలో పెద్దగా ఎవరూ మెచ్చుకోలేదు. లండన్ రాయల్ సొసైటీ కోప్లీ మెడల్ ఇచ్చింది 1841లో. పద్నాలుగేళ్ళు. పెద్దవాళ్ళకే అంతసేపు పట్టిన సంగతిని పదహారేళ్ళ పిల్ల ఒక్క పీరియడ్‌లో నమ్మలేకపోతే ఆశ్చర్యం ఏముంది?

కిర్చాఫ్ పద్ధతిలో నాకు చాలా ఇష్టమైన సంగతి ఒకటుంది. ఆయన ఆ నియమాలు రాసేనాటికి, 1845లో, వయసు 21, ఇంకా విద్యార్థే. లూపులో కరెంటు ఎటు పోతోందో మనకి తెలియకపోయినా ఫరవాలేదు. ఏదో ఒక దిశ అనుకుని బాణం గీసి, చివరిదాకా ఆ మాట మీదే ఉండాలి. మన ఊహ తప్పైతే జవాబు ముందు మైనస్ గుర్తు వస్తుంది. అంకె మాత్రం సరైనదే. తప్పుగా అనుకోవడానికి ఇంత మర్యాద ఇచ్చే పద్ధతి ఇంకోటి నేను చూడలేదు. కాకపోతే ముందు బాణం గియ్యాలి. ఏమనుకుంటున్నావో కాగితం మీద పెట్టాలి. 'ముందు బల్బు' అనే బాణాన్ని మా అమ్మాయి ఏ కాగితం మీదా గియ్యలేదు, ఎవరూ గియ్యమనలేదు కాబట్టి.

ఒక ఆదివారం కోఠీలో గుజరాతీ గల్లీకి వెళ్ళి టార్చిలైటు బల్బులు తెచ్చాను. 2.5 ఓల్టులవి. ఈ ఎల్ఈడీల కాలంలో వాటికోసం నాలుగు షాపులు తిరగాల్సి వచ్చింది. మూడు పెన్సిల్ సెల్స్, కాస్త వైరు, ఇన్సులేషన్ టేపు. రెండు బల్బులు సిరీస్‌లో కలిపి వెలిగిస్తే, ముందుదే ఎక్కువ వెలిగింది. "చూశావా!" అంది.

చవక బల్బులు. ఏ రెండూ కచ్చితంగా ఒకేలా ఉండవు. ఆ మాట నేను చెప్పలేదు. బల్బులు అటుదిటు మార్చమన్నాను. మార్చింది. ఇప్పుడు వెనకది ఎక్కువ వెలుగుతోంది. సెల్స్ తిప్పి పెట్టింది, అదే బల్బు. మళ్ళీ బల్బులు మార్చింది. కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఇది ఆ బల్బు గుణం తప్ప దాని చోటు వల్ల కాదని తనంతట తానే అంది. తర్వాత అడిగిన ప్రశ్న ఇది: "అయితే కరెంటంతా వెనక్కి వెళ్ళిపోతే, మనం బిల్లు దేనికి కడుతున్నాం?"

దీనికి జవాబు ఏ షార్ట్‌కట్ నోట్సులోనూ ఉండదు. ఇంటి కరెంటు అసలు వెనక్కి కూడా వెళ్ళదు, సెకనుకి యాభైసార్లు ముందుకీ వెనక్కీ ఊగుతుంది, అయినా బిల్లు వస్తుంది. చైను చూపించాను. కట్టేది చైనుకి కాదు, తొక్కే కాళ్ళకి. బల్బుకి 2.25 ఓల్టులుంటే దానిలోంచి వెళ్ళే ప్రతి కూలుంబూ 2.25 జౌళ్ళు అక్కడ వదిలి వెళ్తుంది. కూలుంబు మాత్రం తిరిగొస్తుంది. ఓల్టు అంటే ఏమిటో అప్పుడు అర్థమైందంది. అంతకుముందు ఓల్టులతో వందల లెక్కలు చేసింది.

ఇంతటితో కథ సుఖాంతం అయితే బాగుండేది. పోయిన వారం ఫోన్ చేసింది. వీట్‌స్టన్ బ్రిడ్జి లెక్క. పైన 2, 4 ఓమ్‌లు, కింద 3, 6, మధ్యలో 10. నిష్పత్తులు సమానమైతే మధ్యదాన్ని కొట్టేయాలని దానికి ఎప్పటినుంచో తెలుసు. జవాబు 3.6, ఇరవై సెకన్ల పని. "మధ్యలో పదుందిగా మామయ్యా, కొట్టేయడానికి మనకేం హక్కుంది?" అంది. రెండు కొసలూ ఒకే ఎత్తులో ఉన్నాయేమో చూడమన్నాను. లైన్లో ఉండగానే పైన మూడోవంతు, కింద మూడోవంతు అని లెక్కపెట్టుకుంది. "ఆఁ, పది కాదు, వెయ్యి పెట్టినా ఒకటే!" అంది.

తర్వాత అక్క ఫోన్ తీసుకుంది. ఈ వీక్లీ టెస్టులో చివరి ఆరు ప్రశ్నలు ముట్టుకోలేదట. టైము సరిపోలేదట. "ఆ బ్రిడ్జి దగ్గరే నాలుగు నిమిషాలు కూర్చుందిరా" అంది. నేనేమీ మాట్లాడలేదు. ఆదివారం భోజనానికి రమ్మంది, ఈసారి చేతులూపుకుంటూ రమ్మంది.