కొడుకు పుట్టి ఉంటే...

యూరప్ చరిత్రను ఇష్టంగా చదివేవాళ్లకి ఒక ఆట ఉంది. జరిగినదాంట్లో ఒక్క సంఘటనను తీసేసి, ఆ స్థానంలో జరగనిదొకటి పెట్టి, అక్కణ్ణుంచి ప్రపంచం ఎటు పోయేదో ఊహించడం. దీన్నే ప్రత్యామ్నాయ చరిత్ర అంటున్నారు. యుద్ధాల విషయంలో అయితే ఈ ఊహ, సైన్యం ఇంకో దారిన వెళ్లి ఉంటే అని మొదలవుతుంది. రాజవంశాల విషయానికొచ్చేసరికి ఎక్కువగా ఒకే మొదలు కనిపిస్తుంది. ఆ రాణికి కొడుకు పుట్టి ఉంటే, పుట్టినవాడు బతికి ఉంటే, ఆమె ఫలానావాణ్ణి పెళ్లాడి ఉంటే...

చరిత్ర పాఠాలు చెప్పుకుని బతికినదాన్ని నేను. ఈ ఊహలంటే నాకూ ఇష్టమే. జరిగిందంతా జరగక తప్పనిది కాదని విద్యార్థులకి చెప్పడానికి ఇంతకన్నా సులువైన పద్ధతి లేదు. కానీ ఒక ప్రశ్న నన్ను వదలదు. ఇలా ఊహించేటప్పుడు మనం దేన్ని మారుస్తున్నాం, దేన్ని ముట్టుకోకుండా వదిలేస్తున్నాం? మార్చినదాన్నిబట్టి మన కల్పనాశక్తి తెలుస్తుంది. వదిలేసినదాన్నిబట్టి మనం దేన్ని న్యాయమని ఒప్పేసుకున్నామో తెలుస్తుంది.

ఈ ఆటకి బాగా పనికొచ్చిన జీవితం ఎనిమిదో హెన్రీ మొదటి భార్యది. స్పెయిన్ రాకుమారి కేథరిన్ ఆఫ్ ఆరగాన్‌ని 1501లో హెన్రీ అన్న ఆర్థర్‌కిచ్చి పెళ్లి చేశారు. అయిదు నెలలైనా నిండకుండా అతను పోయాడు. 1509లో హెన్రీ ఆమెను పెళ్లాడాడు. 1511 జనవరి 1న కొడుకు పుట్టాడు, 52 రోజులకి పోయాడు. 1518 వరకు ఆమె మళ్లీ మళ్లీ గర్భం దాల్చింది. బతికి బట్టకట్టింది 1516లో పుట్టిన మేరీ ఒక్కతే. ఆ పిల్లవాడే బతికుంటే హెన్రీకి ఇంకో పెళ్లి అవసరం రాదు, ఆన్ బొలీన్ రాణి కాదు, 1534లో ఇంగ్లండ్ చర్చి పోప్ అధికారం నుంచి బయటపడదు, ఎలిజబెత్ పుట్టనే పుట్టదు. ఈ దారాన్ని ఇంకొంచెం లాగితే మన దాకా వస్తుంది. 1600 డిసెంబరు 31న ఈస్టిండియా కంపెనీకి పట్టా ఇచ్చింది ఆ ఎలిజబెత్తే. 1611లో ఆ కంపెనీ ఓడ మచిలీపట్నం చేరింది. మన బందరు చరిత్ర కూడా ఒక పసివాడి ఊపిరికి వేలాడుతోందన్నమాట!

ఈ కథలో కేథరిన్ చేసిన పనేమిటి? కనడం, పోగొట్టుకోవడం. అంతకుమించి ఆమె ఏమీ చేయలేదా? 1507లో తన తండ్రి తరఫున ఇంగ్లండ్ కొలువులో రాయబారిగా పనిచేసింది. 1513లో హెన్రీ ఫ్రాన్స్ మీదికి యుద్ధానికి పోతే రాజ్యభారం మోసింది ఆమే. ఆ సెప్టెంబరులోనే ఫ్లాడెన్ దగ్గర జరిగిన యుద్ధంలో స్కాట్లండ్ రాజు నాలుగో జేమ్స్ చనిపోయాడు. ఆడపిల్లల చదువు గురించి వివెస్ అనే పండితుడు రాసిన పుస్తకానికి ప్రోత్సాహం ఆమెదే. ఆ పుస్తకం నిండా శీలపాఠాలే ఉన్నా ఆడపిల్ల చదవాలన్న మాట అందులో ఉంది. 1529లో పెళ్లి రద్దు విచారణలో భర్త ముందు మోకరిల్లి తన వాదన తానే వినిపించుకుని, వెనక్కి పిలుస్తున్నా వినకుండా నడిచి వెళ్లిపోయింది. ఆమె రాయబారి కాకపోయి ఉంటే, ఆమె విచారణలో నోరు మెదపకుండా ఉంటే, అని ఎవరైనా మొదలుపెట్టగా నేను చదవలేదు. చరిత్రను తిప్పే శక్తి ఆమెకి ఉందని ఒప్పుకుంటున్నట్టే ఉంటుంది గాని, ఆ శక్తిని ఆమె గర్భసంచికే పరిమితం చేస్తారు.

కాలం అలాంటిది కదా, అప్పటివాళ్లు ఇంకోలా ఎలా ఆలోచిస్తారు అనే జవాబు వెంటనే వస్తుంది. ఫ్రాన్స్‌లో ఆడవాళ్లకి సింహాసనం నిషిద్ధం. ఇంగ్లండ్‌లో అలాంటి చట్టం లేదు, భయం ఉంది. కేథరిన్‌కి ఆ భయం ఉండడానికి కారణం కూడా లేదు. ఆమె తల్లి ఇసబెల్లా 1474 నుంచి కాస్టీల్‌ని తన హక్కుగా ఏలిన రాణి. కూతురు మేరీ తండ్రి తర్వాత రాజ్యం ఏలుతుందనే నమ్మకం కేథరిన్‌ది. 1525లో తొమ్మిదేళ్ల మేరీని లడ్లోకి, వేల్స్ సరిహద్దు పాలనకి నామమాత్రపు అధిపతిగా, పంపింది కూడా హెన్రీయే. అంటే ఇంకో ‘ఉంటే’ ఆ రోజుల్లోనే, ఆ ఇంట్లోనే ఉంది. హెన్రీ కూతురు చాలనుకుని ఉంటే? దీనికి ఏ పసివాడూ బతకనక్కర్లేదు, ఒక మగవాడు మనసు మార్చుకుంటే చాలు. చివరికి 1553లో మేరీ రాణి అయింది కూడా. అయినా మన ఊహ ముందుగా పసివాడి ఊయల దగ్గరికే పరిగెత్తుతుంది.

ఈ అలవాటు రాజులకే పరిమితం కాదు కాబట్టే నాకింత బాధ. మా అమ్మమ్మ కూడా బతికినంతకాలం ప్రత్యామ్నాయ చరిత్ర చెప్పింది. ఆమెకి ముగ్గురు ఆడపిల్లలు. మధ్యలో పుట్టిన మగపిల్లవాడు పురిట్లోనే పోయాడు. 1944లో తాతయ్య పోతే ఉమ్మడి పొలమంతా ఆయన అన్నదమ్ములకి దక్కింది. అమ్మమ్మకి మనోవర్తి మిగిలింది. “వాడు బతికుంటే మనకీ గతి పట్టేదా” అనేది. ఆ మాట అన్నప్పుడల్లా మా అమ్మా పిన్నులూ తలవంచుకునేవారు, తాము చేయని నేరమేదో తమ మీద ఉన్నట్టు. ఆ చట్టం ఇంకోలా ఉంటే అని మాత్రం ఆ ఇంట్లో ఎవరూ అనలేదు. నిజానికి మారింది ఆ చట్టమే. 1956లో కొంత మారింది. 1985 సెప్టెంబరు 5 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లికాని కూతుళ్లకి ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతో హక్కు వచ్చింది. 2005లో దేశమంతటా కూతుళ్లందరికీ వచ్చింది. ఎన్నటికీ మారదనుకున్నది మారింది. పోయిన పసివాడు మాత్రం రాలేదు.

రెండో ఉదాహరణలో నీతి ప్రశ్న ఇంకా సూటిగా ఎదురవుతుంది. 1817 నవంబరులో ఇంగ్లండ్ రాకుమారి షార్లెట్ దాదాపు 50 గంటలు పురిటినొప్పులు పడి, చనిపోయిన మగబిడ్డను కని, కొన్ని గంటల్లో తనూ చనిపోయింది. ఆమెకి 21 ఏళ్లు. మూడో జార్జికి చట్టబద్ధమైన మనవసంతానం ఆమె ఒక్కతే. కాన్పు చూసిన వైద్యుడు రిచర్డ్ క్రాఫ్ట్ మూడు నెలలకి తుపాకితో కాల్చుకుని చనిపోయాడు. వారసులు లేరని ముసలి రాజుగారి కొడుకులు హడావిడిగా పెళ్లిళ్లకి సిద్ధపడ్డారు. వారిలో ఎడ్వర్డ్ అంతవరకూ పాతికేళ్లకు పైగా కలిసి బతికిన మదామ్ ద సాన్ లొరాన్‌ని వదిలేసి 1818లో జర్మనీ రాకుమారిని చేసుకున్నాడు. 1819లో వాళ్లకి విక్టోరియా పుట్టింది. 1858లో మన దేశాన్ని కంపెనీ నుంచి తీసుకుంటున్నట్టు ప్రకటన వెలువడింది ఈ విక్టోరియా పేరుమీదే. ఆమె ద్వారా హీమోఫిలియా జబ్బు యూరప్ రాజకుటుంబాల్లోకి పాకి రష్యా యువరాజు అలెక్సీ దాకా చేరింది. ఆ పిల్లవాడి జబ్బు మూలంగానే రస్పుటిన్ అంతఃపురంలో చేరగలిగాడు. ఈ గొలుసు చెప్పేవాళ్లు 1917 రష్యా విప్లవం దాకా లాక్కుపోతారు.

ఈ పాఠం అయిపోయాక ఒకసారి ఒక అమ్మాయి అడిగింది. “మేడమ్, ఇంతకీ ఆవిడ చచ్చిపోవడం మంచిదైందా, చెడ్డదైందా?” క్లాసంతా నవ్వింది. ఆ అమ్మాయి నవ్వలేదు. ఆ ప్రశ్నలో వెటకారం లేదు. మేం చెప్పే చరిత్ర ఆ లెక్కే నేర్పుతోంది మరి. ఇంకో విషయం కూడా ఉంది. 1853లో విక్టోరియా తన కాన్పుకి క్లోరోఫామ్ తీసుకుంది. కాన్పులో నొప్పి తగ్గించుకోవడం తప్పు కాదన్న భావన జనంలో పాదుకోవడానికి అది తోడ్పడింది. అంటే షార్లెట్ పడిన 50 గంటల నరకం వల్ల తర్వాతి తరాల ఆడవాళ్ల నొప్పి తగ్గిందని ఒక జమ, రష్యాలో పారిన రక్తం ఒక ఖర్చు, ఇలా రాసుకుపోవాలా? ఎంత రాసినా ఆ లెక్కలో షార్లెట్ ఏ పద్దులోనూ కనిపించదు. ఆమె చావుకి వచ్చిన ఫలితాలే ఉంటాయి. ఒక మనిషి బాధకి విలువ కట్టేది దాని ఫలితాల ద్వారానే అయితే, ఏ ఫలితమూ లేని బాధ బాధ కాకుండా పోతుంది. మదామ్ ద సాన్ లొరాన్‌కి అదే జరిగింది. ఆమె నుంచి ఏ గొలుసూ మొదలవదు కాబట్టి ఆమె గురించి ఎవరూ ‘ఉంటే’ అనరు. షార్లెట్ తన ఇష్టంతో తీసుకున్న పెద్ద నిర్ణయం ఒకటుంది. పెళ్లయితే దేశం విడిచి ఉండాల్సి వస్తుందని 1814లో ఆరెంజ్ యువరాజు విలియంతో కుదిరిన పెళ్లిని కాదంది. ఆమెను గుర్తుపెట్టుకోవడానికి ఆ ‘కాదు’ చాలదా అనిపిస్తుంది నాకు.

మూడో ఊహ ఆడవాళ్ల సమానత్వం మీదే విసిరే చురక. బ్రిటన్ 2013లో చట్టం చేసి, అన్నదమ్ములకంటే అక్కచెల్లెళ్లు వెనకన్న నియమాన్ని తీసేసింది. 2015లో అది అమల్లోకి వచ్చింది. ఆ నియమం విక్టోరియా కాలంలోనే పోయి ఉంటే? పెద్దకూతురు విక్కీ 1901 జనవరిలో రాణి అయ్యేది. అదే ఏడాది ఆగస్టులో ఆమె చనిపోయింది కాబట్టి ఆమె కొడుకు, జర్మనీ చక్రవర్తి రెండో విల్హెల్మ్, బ్రిటన్‌కీ రాజయ్యేవాడు. “చూశారా మీ సమానత్వం ఎవణ్ణి కూర్చోబెట్టేదో!” అనే ఎత్తిపొడుపు ఇందులో ఉంది. కానీ ఇక్కడ మార్చింది సగమే. తనే రాణి కావలసిన పిల్లని 17 ఏళ్లకే ప్రష్యా యువరాజుకిచ్చి సాగనంపుతారా? వారసుణ్ణయితే ఇల్లరికం పంపుతారా? సింహాసనం నియమాన్ని మార్చి పెళ్లి నియమాన్ని అలాగే ఉంచేశారు. అదలా ఉంచినా, ఒక హక్కు న్యాయమైనదో కాదో తేల్చడానికి దాన్ని అనుభవించినవాళ్ల కొడుకు మంచివాడో కాదో చూడాలా? మగవాళ్ల వారసత్వాన్ని ఎవరూ ఈ పరీక్షకి నిలబెట్టలేదు.

ఇక రాజ్యం దృష్టిలో ఈ పెళ్లిళ్లు ఏమిటో చూస్తే ఆట రుచి పోతుంది. ఆస్ట్రియాలో కూతురికి కూడా వారసత్వం దక్కేలా 1713లో ఆరో చార్లెస్ శాసనం చేశాడు. ఆ శాసనం వల్లే 1740లో మరియా థెరీసా గద్దెనెక్కింది, దానికోసం ఎనిమిదేళ్లు యుద్ధం చేసింది. ఆ తల్లే తన కూతుళ్లను ఒప్పందాలకి సరిపెట్టింది. నేపుల్స్ రాజు ఫెర్డినాండ్‌కి ఇస్తామన్న మరియా యొహానా 1762లో మశూచితో పోయింది. ఆమె స్థానంలో నిలబెట్టిన మరియా యోసెఫా 1767లో, ప్రయాణానికి ముందు, అదే జబ్బుతో పోయింది. 1768లో మరియా కరోలినాని పంపారు. వరుడు ఒకడే, ఒప్పందం ఒకటే, పిల్లలు ముగ్గురు. ఆ అమ్మాయి బతికుంటే చరిత్ర మారిపోయేదని మనం అంటాం. ఎవరైనా ఒకటేనంది ఆ ఒప్పందం. రెండు మాటల్లోనూ ఆ అమ్మాయి లేదు.

అలాగని ఊహించడం మానేద్దామని నా ఉద్దేశం కాదు. స్త్రీల ఉద్యమం మొదలయ్యేదే ‘ఇలా కాకుండా ఉంటే’ అనడంతో. 1929లో వర్జీనియా వూల్ఫ్ షేక్స్‌పియర్‌కి అంతే ప్రతిభ ఉన్న ఒక చెల్లెల్ని ఊహించి, ఆమెకి ఏం జరిగి ఉండేదో అడిగింది. అదీ ప్రత్యామ్నాయ చరిత్రే. అయితే ఆ చెల్లెలు ఎవరి చరిత్రనూ మార్చలేదు. ఆమెను నిలబెట్టగానే ఆ కాలపు నియమాలన్నీ బయటపడ్డాయి. దేన్ని మార్చాలో చదివినవాళ్లకి తెలిసింది.

నాకు తోచిన కొలత ఇదే. ఒక ఊహ ఆడదాని శరీరాన్ని మార్చి నియమాన్ని అలాగే ఉంచితే, అది ఆ నియమానికి ఇంకోసారి వేసిన ఓటు. మనలో చాలామందిమి చరిత్ర రాస్తున్నాం, కథలు రాస్తున్నాం, పాఠాలు చెబుతున్నాం. కేథరిన్ గురించి రాసే ప్రశ్నపత్రంలోనైనా, మన అమ్మమ్మల గురించి రాసే కథలోనైనా, కొడుకు పుట్టి ఉంటే అన్న మాట దగ్గర ఒక్క క్షణం ఆగి, కొడుకే ఎందుకు కావలసి వచ్చిందని అడగడం మన పని. ఆ ప్రశ్న అడగకపోతే, తలవంచుకుని కూర్చున్న కూతుళ్ల మీద లేని నేరాన్ని మనమూ మోపినట్టే.