రెండవది లేనప్పుడు వాకిట నిలిచినవాడెవడు?

తుంగానదీతీరమున శృంగేరి క్షేత్రమునందు ఒక చిన్న శిల్పమును యాత్రికులు భక్తితో చూచుచుందురు. మండుటెండలో ప్రసవవేదన పడుచున్న ఒక కప్పకు త్రాచుపాము పడగ విప్పి నీడ పట్టినదట. సహజవైరము గల ప్రాణుల నడుమ ఇట్టి మైత్రి కానవచ్చిన చోటు తపస్సునకు తగినదని యెంచి శంకరభగవత్పాదులు అచ్చట మఠమును నెలకొల్పిరని ఐతిహ్యము. ఇది చరిత్రయా, కల్పనయా అని తర్కింప బనిలేదు. ఏ మఠమైనను తన పుట్టుకను గూర్చి చెప్పుకొను కథలో తన ఆదర్శమును నిలుపుకొనును. శృంగేరివారు చెప్పుకొన్న ఈ కథలో వాదజయము లేదు, రాజసన్మానము లేదు. బలము గలది బలము లేనిదానికి నీడ యిచ్చుటయే యున్నది.

దేశమునకు నాల్గు దిక్కుల శంకరులు నాల్గు ఆమ్నాయపీఠములను స్థాపించిరని సంప్రదాయము. తూర్పున పూరి, పడమట ద్వారక, ఉత్తరమున బదరీక్షేత్రమునకు చేరువనున్న జ్యోతిర్మఠము, దక్షిణమున శృంగేరి. శృంగేరికి యజుర్వేదమును, బృహదారణ్యకోపనిషత్తునందలి మహావాక్యమును నిర్దేశింపబడినవి. ఆ వాక్యమునకు భావము 'నేను బ్రహ్మమునే' యని. సురేశ్వరాచార్యులు మొదలుగా ఆ గురుపరంపర నేటివరకు సాగుచున్నది. 1989లో పీఠము నధిష్ఠించిన శ్రీ భారతీతీర్థస్వామివారును, 2015లో వారు శిష్యులుగా స్వీకరించిన శ్రీ విధుశేఖరభారతీస్వామివారును తెలుగు కుటుంబములలో జన్మించినవారే. కావున ఆ పీఠము తెలుగువారికి దూరమైనది కాదు.

ఆ పీఠము బోధించు సిద్ధాంతము సంగ్రహముగా నిట్టిది. ఉన్నది బ్రహ్మమొక్కటియే. మసకచీకటిలో త్రాడు పాముగా తోచినట్లు అజ్ఞానమువలన ఆ యొక్కటియే పలువిధములుగా తోచుచున్నది. దీపము వచ్చిన పిదప పాము ఎక్కడికిని పోలేదు. అది మొదటనే లేదు. అట్లే జ్ఞానము కలిగినప్పుడు జీవుడు బ్రహ్మమగుటలేదు. ఎన్నడును వేరుగా లేడని తెలియుచున్నాడు. అయితే దీపము వచ్చువరకు పాము వలన భయము నిజమే, చెమట నిజమే. కావుననే పెద్దలు పారమార్థికమనియు వ్యావహారికమనియు సత్తను విభజించి చెప్పిరి. ఆకలి, అన్నము, గురువు, శిష్యుడు, మఠము, పూజ ఇవన్నియు వ్యవహారమునందలివి. పరమార్థమునందు రెండవది లేదు.

ఇచ్చట ధర్మజిజ్ఞాసువునకు ఒక ప్రశ్న పుట్టును. రెండవది లేనప్పుడు దయ ఎవరిపై? ఉపకారము ఎవరికి? వాకిట నిలిచి పిలుచుచున్నవాడెవడు? అతడు నేనే యనినచో అతనిని లోనికి రమ్మనవలెను. అతడు మిథ్య యనినచో తలుపు మూసికొనవచ్చును. ఒకే సిద్ధాంతమునుండి ఈ రెండు నడతలును బయలుదేరగలవు. ఏది సిద్ధాంతమునకు ఫలము, ఏది దానికి పట్టిన చీడ యని తేల్చుట పండితులకు మాత్రమే సంబంధించిన పని కాదు. వాకిలి గల ప్రతి గృహస్థునకును అది సంబంధించినదే.

శంకరవిజయగ్రంథములు చెప్పు కాశీవృత్తాంతము అందరెరిగినదే. ఆచార్యులు గంగాస్నానమునకు శిష్యులతో వెడలుచుండగా నాల్గు కుక్కలను వెంటబెట్టుకొని ఒక చండాలుడు ఎదురయ్యెను. దారి తొలగుమనిన మాటకు అతడు ఎదురుప్రశ్న వేసెను. ఏది తొలగవలెను? అన్నముతో పెరిగిన ఈ దేహమా? అది రెండుచోట్లను అన్నముతో పెరిగినదే. లోనున్న చైతన్యమా? అది తొలగుటకు చోటేది? ఆచార్యులు ఆ ప్రశ్నకు తల యొగ్గి, ఇట్టి నిశ్చయము గలవాడు ఏ కులమువాడైనను తనకు గురువే యను భావముతో మనీషాపంచకమును చెప్పిరని సంప్రదాయము. వచ్చినవాడు విశ్వనాథుడేయని కథ ముగియును. ఆ ముగింపు మనకు ఊరట నిచ్చును. ఆ యూరటలోనే అపాయమును గలదు. ప్రశ్నించినవాడు శివుడని తెలిసిన పిదప మ్రొక్కుట సులభము. కాని అతడు శివుడని తెలియకముందే ప్రశ్న నిజమైనది. మారువేషమున వచ్చిన దేవుడు గాక అచ్చముగా ఆ యూరి కాటికాపరియే అడిగియున్నను, దానికి ఉత్తరము అదియే కావలెను గదా!

ఆ యాచార్యులదే యగు బ్రహ్మసూత్రభాష్యమున ప్రథమాధ్యాయము మూడవ పాదమందు అపశూద్రాధికరణమున్నది. శూద్రునకు వేదాధ్యయనద్వారమున బ్రహ్మవిద్యయందు అధికారము లేదని అచ్చట నిర్ణయము చేయబడినది. విదురుడు, ధర్మవ్యాధుడు మున్నగువారు పూర్వసంస్కారముచేత జ్ఞానులైరనియు, ఇతిహాసపురాణముల ద్వారా నాల్గు వర్ణములవారును జ్ఞానము పొందవచ్చుననియు కూడ అచ్చటనే చెప్పబడినది. అనగా ఫలమును ఎవరికిని నిషేధింపలేదు, దారియందు మాత్రము ద్వారము పెట్టిరి. కాశీలో వినబడిన ప్రశ్నయు, భాష్యమున కానవచ్చు ద్వారమును ఒకే పేరుతో మన చేతికి వచ్చినవి. ఒకదానిని చూపి రెండవదానిని దాచుట నిజాయితీ కాదు. దూషించువారు భాష్యమును మాత్రమే, స్తుతించువారు పంచకమును మాత్రమే చదువుదురు. రెండును చదివినవానికి గాని అసలు చిక్కు తెలియదు.

ఈ రెంటికిని పొత్తు కుదుర్చుటకు పెద్దలు చెప్పు సమాధానము వ్యవహారమను మాటయే. పరమార్థమున భేదము లేదు, వ్యవహారమున కలదు అందురు. తర్కమునకు ఇది చాలును. నడతకు చాలునా? వ్యవహారము మిథ్యయే యైనచో దానిలోని హెచ్చుతగ్గులును మిథ్యయే గదా! త్రాడని తెలిసినవాడు పామునకు పాలు పోయునా? తనకు లాభించు భేదమును వ్యవహారమని నిలుపుకొని, ఎదుటివాని బాధను మిథ్యయని త్రోసివేయుట అద్వైతము కానేరదు. అది ద్వైతములోనెల్ల కఠినమైన ద్వైతము.

ఈ మాట అద్వైతమునకు వెలుపలివారు మాత్రమే అనునది కాదు. శృంగేరి గురుపరంపరలోనే ఇట్టి హెచ్చరిక కలదు. మఠసంప్రదాయము ననుసరించి 1380 మొదలు 1386 వరకు పీఠాధిపతులైన విద్యారణ్యస్వామివారు పంచదశి రచించిన మహావేదాంతులు. వారు జీవన్ముక్తివివేకమను మరియొక గ్రంథమున తత్త్వజ్ఞానము కలుగుటతో పని ముగియలేదనిరి. జ్ఞానముతోపాటు వాసనాక్షయము, మనోనాశము అను రెండును అభ్యసింపవలెనని వారి బోధ. లోకులు మెచ్చవలెనను కోరిక లోకవాసన. చదువునందును ఆచారమునందును పట్టుదల శాస్త్రవాసన. దేహమును గూర్చిన అభిమానము దేహవాసన. రెండవది లేదని తెలిసినవానియందును ఈ మూడును దాగియుండగలవు. ఇంగువ కట్టిన గుడ్డను ఎన్నిసార్లు ఉతికినను వాసన మిగిలినట్లు, జ్ఞానమెరిగిన మనస్సునందును అలవాటు మిగులును.

విద్యారణ్యులు ఎత్తిచూపిన దృష్టాంతములు సామాన్యులవి కావు. జనకుని సభలో బ్రహ్మవిద్యను నిలిపిన యాజ్ఞవల్క్యునియందే గోధనముపై కోరికయు, వాదమున గెలువవలెనను పట్టుదలయు మిగిలియుండెనని వారు నిర్భయముగా వ్రాసిరి. పుస్తకముల మూటతో మహాదేవుని సభకు వచ్చిన దుర్వాసుని కథయు చెప్పిరి. బరువు మోయు గాడిదతో నారదుడు పోల్చగా, దుర్వాసుడు కోపించి ఆ పుస్తకములను సముద్రమున పారవైచెను. పిదప మహాదేవుడే అతనికి ఆత్మవిద్యను బోధించెను. శివుని సన్నిధిలో మూట దింపినవానికే బోధ దొరకినదని గ్రహింపవలెను. ఒక పీఠాధిపతి, శాస్త్రములకు నిలయమైన మఠమున నుండి, శాస్త్రాభిమానమును దోషముగా లెక్కించుట సామాన్యమైన ధైర్యము కాదు.

శాస్త్రమట్లుండగా, మఠము నడచిన చరిత్రయు విచారింపదగినది. 1346లో విజయనగరప్రభువైన హరిహరుడు సోదరులతో శృంగేరికి వచ్చి భారతీతీర్థులకును వారి శిష్యులకును భూదానము చేసెను. నాటినుండి తపోవనము సంస్థానమైనది. 1499 మొదలు 1763 వరకు ఆ ప్రాంతముల నేలిన కెళది నాయకులు వీరశైవులు. వారు లింగధారులై యుండియు, తమ దర్శనము కాని దర్శనమును బోధించు ఆ మఠమును ఆదరించి దానధర్మములు చేసిరి. అద్వైతమును అంగీకరింపకయే అద్వైతమఠమునకు నీడ పట్టిరి. 1791లో మైసూరు యుద్ధసమయమున మరాఠా సేనతో వచ్చిన గుఱ్ఱపుదండు మఠమును దోచుకొని, శారదామూర్తిని పెకలించెను. అప్పటి పీఠాధిపతులు శృంగేరిని విడిచి పోవలసివచ్చెను. పునఃప్రతిష్ఠకు ధనమును సామగ్రియు పంపినవాడు టిప్పుసుల్తాను. అతడు స్వామివారికి వ్రాసిన కన్నడలేఖలు 1916లో మైసూరు పురావస్తుశాఖవారి కంటబడినవి. సుల్తాను రాజనీతి యెట్టిదని ఎవరెట్లు తలచినను, కొట్టినవారు ఆ దేవతనే కొలుచు ప్రభువుల దండులోనివారనియు, ఆదుకొన్నవాడు ఆ దేవతను కొలువనివాడనియు చరిత్ర చెప్పుచున్నది. తుంగాతీరమున పాము పడగ నీడ ఒక్కనాటి కథ కాదని దీనివలన తెలియును.

అట్లయిన మఠమెందుకు, ద్వారమెందుకు అని అడుగవచ్చును. మఠము లేనిచో గ్రంథము నిలువదు, అన్నము పెట్టువారుండరు, చదువు చెప్పువారుండరు. ప్రమిద లేనిదే దీపము నిలువదు. కాని ప్రమిదను తోముకొనుచు దీపము సంగతి మరచినచో ఇల్లు చీకటియగును. పీఠము, పల్లకి, బిరుదావళి ఇవన్నియు ప్రమిదకు చేరినవి. వచ్చినవాని ముఖము కనబడునంత వెలుగున్నదా లేదా యనునదే దీపమునకు పరీక్ష.

ఇంతవరకు చెప్పినది పరుల మఠమును గూర్చి కదా యని వీరశైవగృహస్థులు ఊరకుండుటకు వీలులేదు. శక్తివిశిష్టాద్వైతమునందు జగత్తు మిథ్య కాదు, శివుని శక్తియే. లింగాంగసామరస్యము గమ్యము. అద్వైతికి భేదము వ్యవహారమున తోచునది మాత్రమేయని చెప్పుకొనుటకు ఒక చాటు కలదు. జగత్తు శివశక్తియని నమ్మువానికి ఆ చాటును లేదు. వాని వాకిట నిలిచినవాడు నిజముగనే నిలిచియున్నాడు, వాని ఆకలి నిజమైన ఆకలి, వాని అవమానము నిజమైన అవమానము. పన్నెండవ శతాబ్దిలో కళ్యాణమున చెప్పులు కుట్టు హరళయ్య కుమారునకును బ్రాహ్మణవంశజుడైన మధువరసయ్య కుమార్తెకును జరిగిన వివాహమునకై శరణులు ప్రాణములర్పించిరని మన పెద్దలు చెప్పుదురు. ఆ కథను బసవజయంతినాడు సభలలో వినిపింతుము. మరునాడు సంబంధము మాటలాడుటకు వచ్చినవారిని, మెడలో లింగము కనబడుచుండగనే, "మీరు ఏ శాఖవారండీ?" అని అడుగుదుము. లింగధారణతో పూర్వకులము పోయినదని దీక్షలో చెప్పి, పెండ్లిపందిట దానిని మరల వెదకుట ఏ వాసన? విద్యారణ్యులు పేర్కొన్న మూడు వాసనలలో చోటు వెదకినచో అది మూడింటను దొరకును.

కావున ఈ విచారమున తేలినదిది. ఒకటియేయని తెలియుట ఒక పని, ఒకటిగా మెలగుట మరియొక పని. మొదటిది గురువు చెప్పగా ఒక సాయంకాలమున తెలియవచ్చును. రెండవది ప్రతిదినము వాకిలి తెరచునప్పుడెల్ల క్రొత్తగా చేయవలసినది. దర్శనములు వేరైనను ఈ రెండవ పని అందరికిని సమానమే. శృంగేరివారికి కప్పకు పడగ పట్టిన పాము కథ యున్నది. మనకు కళ్యాణమున జరిగిన పెండ్లి కథ యున్నది. రెండును వినుటకు బహుచక్కనివి. మరుసారి పెండ్లిమాటలకై ఎవరైన వాకిట నిలిచినప్పుడు ఆ శాఖాప్రశ్నను మ్రింగికొని, కాళ్లకు నీళ్లిచ్చి, పీట వేసి, పిల్లవాని గుణమును పిల్ల మనస్సును మాత్రమే అడుగగలిగినచో, ఆ కథను చెప్పుకొను అర్హత ఆ యింటికి కలిగినట్లే.